నాలుగేళ్ల పాపతో ఒంటరిగా విశాఖ నుంచి సింగపూర్‌కు: ఇంటిపేర్లు వేరుగా ఉంటే ఇబ్బందా?

మురళీనగర్ అమ్మ:
అందరికీ నమస్కారం. మావారు ఎనిమిది నెలలుగా సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నారు. నాకూ పాపకూ డిపెండెంట్ పాస్ (ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే నివాస అనుమతి) మంజూరైనట్టు ఐపీఏ, అంటే సూత్రప్రాయ ఆమోదం కాగితం వచ్చింది. వచ్చే నెల విశాఖ నుంచి నేరుగా వెళ్లే విమానంలో మేమిద్దరమే బయలుదేరుతున్నాం. ఇంతవరకు నేను విమానం ఎక్కింది రెండుసార్లు, అదీ హైదరాబాద్‌కే. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది, పాపకు వాళ్ల నాన్నగారిది. విమానాశ్రయంలో తండ్రి అనుమతి పత్రం అడుగుతారా? పెరుగన్నం చేతిసంచిలో పెట్టుకోవచ్చా? ఈ రెండే నా సందేహాలు.

గాజువాక వాసి, తెంపనీస్:
అమ్మా, 2004 నుంచి ఇక్కడ సింగపూర్‌లోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, రాసుకోండి. మొదట ఒక పెన్ను దగ్గర పెట్టుకోండి. విశాఖలో బయలుదేరే ముందు ఒక కార్డు, విమానంలో సింగపూర్‌వారి తెల్లకార్డు నింపాలి. పాపకు కూడా విడిగా నింపాలి.

ఇక అసలు విషయం ఇల్లు. మీవారు ఇల్లు చూశారా? గది అద్దెకు తీసుకుంటే మాత్రం జాగ్రత్త. 2011లో నా భార్య, కొడుకు వచ్చినప్పుడు మేం ఒక ప్రభుత్వ ఫ్లాటులో గది తీసుకున్నాం. ఒప్పందంలో ‘తేలికపాటి వంట మాత్రమే’ అని ఉంది. మనకు తేలికపాటి అంటే పప్పు, చారు, ఒక వేపుడు. ఇంటి యజమానురాలికి తేలికపాటి అంటే నీళ్లు మరగబెట్టడం. మూడోరోజు పులిహోర పోపు వేస్తే ఇంగువ వాసనకు ఆవిడ గదిలోంచి బయటికి వచ్చి వీధి తలుపులు తీసి నిలబడింది. ఏమీ అనలేదు. ఆ తర్వాత రోజూ మా వంటయ్యేసరికి వచ్చి గట్టు తుడిచేది. ఖాళీ చేసేటప్పుడు ఆ గట్టు మీద పసుపు మరక చూపించి, నెల అద్దె అడ్వాన్సు మొత్తం ఉంచేసుకుంది. అరచేతిలో సగం కూడా లేని మరక! బేకింగ్ సోడా, నిమ్మచెక్క, ఎండ, అన్నీ అయ్యాయి. ఎవరికి చెప్పుకుంటాం?

జురాంగ్ నుంచి:
అన్నగారూ, ఆవిడ అడిగింది పెరుగన్నం గురించి. మీరు చెప్పిన కార్డులు రెండూ ఇప్పుడు లేవు. భారత్ నుంచి బయలుదేరేవాళ్లు నింపే కార్డును 2017 జులై 1 నుంచి ఎత్తేశారు. సింగపూర్ తెల్లకార్డు కూడా పోయి, ఎస్‌జీ అరైవల్ కార్డు అని ఆన్‌లైన్‌లో వచ్చింది. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల నింపాలి, పాపకు కూడా. పైసా ఖర్చు లేదు. డబ్బులు అడిగే సైటు కనిపిస్తే వెంటనే మూసేయండి. మా బావమరిది ఒకసారి కట్టి వచ్చాడు.

మరొకటి, అడ్వాన్సు కోసం చెప్పుకోవడానికి చోటుంది. రెండేళ్లు మించని ఇంటి అద్దె ఒప్పందాల తగాదాలను చిన్న దావాల ట్రిబ్యునల్ వింటుంది. ఇప్పుడు పరిమితి 20,000 డాలర్లు.

గాజువాక వాసి, తెంపనీస్:
ఇప్పుడు ఉంటే ఉండవచ్చు. నేను చెప్పింది 2011 మాట.

జురాంగ్ నుంచి:
అప్పుడూ ఉంది, 10,000 వరకు. ఒప్పందానికి స్టాంపు డ్యూటీ కట్టారా, చేరిన రోజు ఫొటోలు తీశారా? అడిగేది అవే.

గాజువాక వాసి, తెంపనీస్:
ఫొటోలు తీయడానికి ఆ రోజు నా ఫోనుకు కెమెరా ఉంటే కదా బాబూ.

సెంగ్‌కాంగ్ తల్లి (మాది సీతమ్మధార):
చెల్లెమ్మా, నాదీ మీ పరిస్థితే. మా బాబుకు అప్పుడు మూడేళ్లు. కౌంటరు అబ్బాయి రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టుకుని, ‘ఈ బాబు మీకు ఏమవుతాడమ్మా?’ అన్నాడు. కొడుకు అన్నాను. ‘ఇంటిపేరు కలవలేదే’ అన్నాడు. బాబు పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లి పేరు ఉంటుందని చూపించాను. చూస్తే అక్కడ నా పేరు మావారి ఇంటిపేరుతో అచ్చయి ఉంది, నా పాస్‌పోర్టులో పుట్టింటిది. దరఖాస్తు నింపిన రోజున నాకు తట్టనే లేదు.

జనన ధ్రువపత్రం ఉందా అన్నాడు. ఉంది, కానీ పెద్ద పెట్టెలో. ఆ పెట్టె అప్పటికే బెల్టు మీద వెళ్లిపోయింది. పై ఉద్యోగి వచ్చాడు, ఇద్దరూ మాట్లాడుకున్నారు, పెట్టె వెనక్కి తెప్పించడానికి నలభై నిమిషాలు. ఈలోగా మా వాడు ఖాళీగా ఉన్న తూకం మీద ఎక్కి కూర్చున్నాడు. 13.6 అని ఎర్ర అంకెలు వెలిగాయి. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. పెట్టె అందరి ముందూ తెరిస్తే, తువ్వాలులో చుట్టిన ఆవకాయ సీసా, చీరలు, అన్నిటికీ అడుగున ఫైలు.

ఇంత చేసి, ఇమిగ్రేషన్ దగ్గర అధికారి కాగితం ముట్టుకోనేలేదు. బాబుని ‘అమ్మ పేరు ఏమిటి?’ అని అడిగాడు. వీడు ‘అమ్మ’ అన్నాడు. ముద్ర పడింది.

కాబట్టి జనన ధ్రువపత్రం, పెళ్లి ధ్రువపత్రం, ఐపీఏ కాగితం అచ్చుప్రతులు మీ భుజానికి ఉండే సంచిలో పెట్టుకోండి. ఐపీఏ ఫోనులో ఉంది కదా అని ఊరుకోకండి, మొదటిసారి లోపలికి రావడానికి వీసా అదే. తండ్రి పత్రం నన్ను ఎవరూ అడగలేదు. అయినా మీవారి చేత రాయించి, ఆయన పాస్‌పోర్టు నకలు జతచేసి ఉంచుకోండి. ఒక కాగితం బరువెంత!

పెరుగన్నం గట్టిగా కలిపి చిన్న డబ్బాలో పెట్టుకోండి. పసిపిల్లల తిండికి భద్రతా తనిఖీలో అడ్డు చెప్పరు, విడిగా తీసి చూపించండి. విమానం దిగేటప్పుడు నిద్ర లేపి రెండు ముద్దలు పెట్టండి. మింగుతూ ఉంటే చెవులు అంతగా నొప్పిపుట్టవు.

జురాంగ్ నుంచి:
పెద్ద పెట్టెలో ఎండుకొబ్బరి కురిడీలు వద్దు, నూనె వల్ల మండే వస్తువుగా లెక్కిస్తారు. మాంసం పచ్చళ్లు వద్దు, మన దేశం నుంచి ఇక్కడికి రానివ్వరు. మసాలా పొడుల్లో గసగసాలు ఉంటే అవీ వదిలేయండి. చూయింగ్ గమ్ 1992 నుంచి నిషేధం. మాడుగుల హల్వా మాత్రం ఎంతైనా తెచ్చుకోండి, మా ఇల్లు జురాంగ్‌లోనే.

పుంగోల్ నుంచి, ఒక తండ్రి:
దిగాక ఆరేళ్ల లోపు పిల్లలకు యంత్రాల గేటు పనిచేయదు, మనుషులున్న కౌంటరుకు వెళ్లండి. టాక్సీ ఎక్కితే పాపకు కారులో బిగించే పిల్లల సీటు లేకున్నా ఫరవాలేదు.

గాజువాక వాసి, తెంపనీస్:
తప్పు. 1.35 మీటర్ల లోపు పిల్లలకు సీటు తప్పనిసరి.

పుంగోల్ నుంచి, ఒక తండ్రి:
టాక్సీలకు మినహాయింపు ఉంది అన్నగారూ. యాప్‌లో వచ్చే ప్రైవేటు కార్లకు లేదు. అందుకే వాళ్లు పిల్లల్ని చూసి ఎక్కించుకోకుండా వెళ్లిపోతారు. విమానాశ్రయంలో టాక్సీ వరుసలో నిలబడడమే మేలు.

సెంగ్‌కాంగ్ తల్లి:
ఇంకొక్క మాట. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియా వైపు వెళ్తే, పూర్ణా మార్కెట్ పండగ రద్దీని పదింతలు చేసుకోండి. పాప ముంజేతి మీద బాల్‌పెన్నుతో మీవారి నంబరు రాయండి. రైలు తలుపులు మధ్యలో మూసుకుపోతే మీలో ఎవరు ఏం చేయాలో ముందే ఆటలాగా నేర్పండి: లోపల పాప ఉంటే తరువాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి, మీరు వెనుక రైలులో వస్తారు. మేం ఇంట్లో రెండు కుర్చీలు వేసి పదిసార్లు ఆడాం. ఒకసారి నిజంగానే పనికివచ్చింది. ఆ కథ మరోసారి. రైలులో, బస్సులో పాప ఎత్తు 0.9 మీటర్ల లోపు ఉంటే టికెట్టు లేదు, దాటితే ఏడేళ్లు నిండేవరకు ఉచిత కార్డు చేయించాలి.

మురళీనగర్ అమ్మ:
దిగి నాలుగు రోజులైంది. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. జనన ధ్రువపత్రం అడిగారు, సంచిలోంచి తీసి ఇచ్చాను, అర నిమిషం పట్టింది. తండ్రి పత్రం అడగలేదు. పాప దారంతా నిద్రపోయి, దిగే ముందు పెరుగన్నమంతా నా చీర మీద పోసింది. ఇక్కడి సమయం రెండున్నర గంటలు ముందు కదా, ఇప్పటికీ అర్ధరాత్రి దాటాక పడుకుని పొద్దెక్కాక లేస్తోంది.

అద్దె ఒప్పందం ఇప్పుడే చదివాను. పదకొండో అంశంలో ‘తేలికపాటి వంట మాత్రమే’ అని ఉంది. గాజువాక అన్నగారూ, పోపు అందులోకి వస్తుందా?