సరిహద్దు జిల్లాలోని చిన్న సంస్థకు సాంకేతిక క్లస్టర్ సభ్యత్వం వల్ల బయటి భాగస్వాములు నిజంగా దొరుకుతారా?

నాగావళి ఒడ్డు (రాయగడ):

అందరికీ నమస్కారం. రాయగడలో మేము కొద్దిమందిమి కలిసి ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ సంస్థ నడుపుతున్నాము. కాగితం మిల్లుల్లోనూ ఫెర్రో అల్లాయ్ కర్మాగారాల్లోనూ తిరిగే పెద్ద మోటార్ల ప్రకంపనలను, వేడిని గమనించి, బేరింగ్ పాడవక ముందే వైఫై ద్వారా హెచ్చరిక పంపే పరికరం మాది. సెన్సార్ బోర్డు మేమే తయారుచేస్తాము గాని, వచ్చిన సమాచారాన్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్ మా వల్ల కాదు. అందుకని విశాఖపట్నంలోని మరొక చిన్న సంస్థతో కలిసి పనిచేయాలని అనుకుంటున్నాము. ఈమధ్య జర్మనీలోని ఒక యంత్రాల సంస్థ కూడా మా పరికరం గురించి వాకబు చేసింది.

ఇంతలో ఒక సాంకేతిక క్లస్టర్ వారు, అంటే ఒకే రంగంలోని సంస్థలు కలిసి పెట్టుకున్న సంఘం వారు, సభ్యత్వం తీసుకోమంటున్నారు. గతంలో ఒక వ్యాపార సంఘానికి చందా కట్టి, వార్షిక విందు తప్ప మరేమీ చూడలేదు కాబట్టి అడుగుతున్నాను. రాష్ట్రం సరిహద్దు దాటి గాని, దేశం సరిహద్దు దాటి గాని చిన్న సంస్థలు కలిసి పనిచేయడానికి క్లస్టర్ నిజంగా ఏం చేస్తుంది? మేము ఒడిశాలో ఉండి ఆంధ్రప్రదేశ్‌లోని సౌకర్యాలు వాడుకోవచ్చునా?

బరంపురం వాసి:

మీ సందేహం సహేతుకమైనదే. క్లస్టర్ అనగానే అందరికీ ముందు భవనమూ ఇంటర్నెట్టూ గుర్తుకు వస్తాయి గాని, సరిహద్దు దాటే పనిలో వాటి పాత్ర చాలా తక్కువ. పెద్ద కంపెనీ అయితే తెలియని భాగస్వామి గుణగణాలు విచారించడానికి న్యాయవాదులను, ఆడిటర్లను పంపగలదు. మనలాంటి వారికి ఆ ఖర్చు మొత్తం ఒప్పందం విలువను మించిపోతుంది. పెళ్లి సంబంధానికి ముందు ఇరువైపులా తెలిసిన మనిషిని పట్టుకున్నట్టే, ఇక్కడ కూడా రెండు పక్కలా పరువు ఉన్న ఒక మధ్యవర్తి కావాలి. ఆ పనికి జీతం ఇచ్చి మనిషిని పెట్టుకున్న క్లస్టర్‌కు చందా కట్టవచ్చు. పెట్టుకోనిది మీరు చెప్పిన విందు సంఘమే.

అందువల్ల చేరే ముందు వారిని ఒక్క ప్రశ్న అడగండి: గత సంవత్సరం ఏయే సభ్యులను ఎవరితో కలిపారు, ఆ ఇద్దరిలో ఒకరితో మీరు ఫోనులో మాట్లాడవచ్చునా? జవాబు నసిగితే ఆ డబ్బు పరీక్షల ఖర్చులకు దాచుకోండి.

సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసే ఉద్దేశం ఉంటే ఎస్‌టీపీఐ సంగతి కూడా చూడండి. 1991లో ఏర్పడిన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థకు (సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా) మా బరంపురంలోనూ విశాఖలోనూ కేంద్రాలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో పంపే సాఫ్ట్‌వేర్‌కు కావలసిన సాఫ్టెక్స్ పత్రాలను (ఎగుమతి విలువను ప్రకటించే ఫారాలను) అక్కడ ధ్రువీకరిస్తారు.

ఉక్కునగరం ఇంజనీరు (విశాఖపట్నం):

రెండో ప్రశ్నకు నా జవాబు. సబ్సిడీలు, పారిశ్రామిక రాయితీలు రాష్ట్రాల వారీగా ఉంటాయి కాబట్టి మీ రిజిస్ట్రేషన్ ఒడిశాలోనే ఉంచుకోవడం మంచిది. రుసుము చెల్లించి వాడుకునే పరీక్షా సౌకర్యాల విషయం వేరు, అక్కడ మీరు ఏ రాష్ట్రం వారన్న ప్రశ్న సాధారణంగా రాదు. రాయగడ వారికి భువనేశ్వర్ కంటే విశాఖే చాలా దగ్గర. ఆసుపత్రి పనికీ పిల్లల చదువుకీ ఎలాగూ వస్తూనే ఉంటారు కదా.

ఇక్కడ 2018లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌ను గమనించండి. దాదాపు 270 ఎకరాల ఆవరణలో విద్యుదయస్కాంత పరీక్షల ల్యాబ్, నమూనాలు త్వరగా తయారుచేసే సౌకర్యం, గామా కిరణాలతో క్రిమిరహితం చేసే యూనిట్ ఒకేచోట పెట్టారు. విడివిడిగా ఏ చిన్న సంస్థా కొనలేని యంత్రాలు అవి. అది ప్రధానంగా వైద్య పరికరాల కోసం కట్టినది కాబట్టి, మోటార్ల పరికరాన్ని తీసుకుంటారో లేదో ముందుగా కనుక్కోండి. పరికరం పూర్తయ్యాక ల్యాబ్‌కు తీసుకువెళ్లి, ఫెయిలై, బోర్డు మొదటినుంచి గీయడం చాలామంది చేసే పని. డిజైన్ దశలోనే ప్రాథమిక పరీక్ష చేయించుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది.

పర్లాకిమిడి నుంచి డ్రెస్డెన్:

జర్మనీ సంగతి నేను చెబుతాను. ఇక్కడి సిలికాన్ సాక్సనీ అనే సంఘం 2000లో మొదలైంది, ఇప్పుడు అయిదు వందలకు పైగా సభ్యులున్నారు. పెద్ద చిప్ కర్మాగారాల పక్కనే పదిమంది పనిచేసే సంస్థలు కూడా అందులో ఉంటాయి. 2012లో ఇది ఫ్రాన్సు, బెల్జియం, నెదర్లాండ్స్‌లలోని క్లస్టర్లతో కలిసి సిలికాన్ యూరప్ అనే కూటమి ఏర్పరచింది. దానివల్ల డ్రెస్డెన్‌లోని చిన్న సంస్థ ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో ఎవరినీ ఎరగకపోయినా, తన క్లస్టర్ ఉద్యోగి ద్వారా అక్కడి క్లస్టర్ ఉద్యోగిని అడిగించగలదు. యూరోపియన్ కమిషన్ 2008లో ప్రారంభించిన ఎంటర్‌ప్రైజ్ యూరప్ నెట్‌వర్క్ కూడా ఇలాంటిదే: సంస్థ పేరు బయటపెట్టకుండా అవసరాన్ని మాత్రం ప్రకటించి, ఆసక్తి చూపినవారిని సలహాదారులు వడపోశాకే ఇరువురినీ కలుపుతారు.

మీకు మరొక హెచ్చరిక. వైఫై ఉంది కాబట్టి మీ పరికరం యూరప్‌లో రేడియో పరికరాల నిబంధనల కిందికి వస్తుంది. ఇంటర్నెట్‌కు అనుసంధానమయ్యే అటువంటి వాటికి 2025 ఆగస్టు 1 నుంచి సైబర్ భద్రతా నియమాలు కూడా తప్పనిసరి అయ్యాయి. ఆపైన యూరోపియన్ యూనియన్ వారి సైబర్ రెసిలియెన్స్ చట్టంలోని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి అమలవుతాయి. ఈ కాగితాల పని ఒక్కరే చేయించుకుంటే తడిసి మోపెడవుతుంది. ఒకే నిపుణుడిని నలుగురు సభ్యులు పంచుకోగలిగితే, నా దృష్టిలో సభ్యత్వానికి అదొక్కటే చాలినంత కారణం.

నాగావళి ఒడ్డు (రాయగడ):

అందరికీ కృతజ్ఞతలు. భద్రతా నియమాల మాట నాకు పూర్తిగా కొత్త. విశాఖ సంస్థతో లావాదేవీల విషయంలో పన్నుల చిక్కులేమైనా ఉంటాయా? వారు ఇంకా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తీసుకోలేదు.

జయపురం లెక్కలు:

వారు మీకు ఇచ్చేది సేవ కాబట్టి, వేరే రాష్ట్రానికి ఇచ్చినా వార్షిక టర్నోవరు 20 లక్షలు దాటేవరకు రిజిస్ట్రేషన్ అక్కరలేదు. మీరు పంపేది వస్తువు. అమ్మకంగా రాష్ట్రం దాటిస్తే సాధారణంగా టర్నోవరుతో నిమిత్తం లేకుండా రిజిస్ట్రేషన్ కావాలి, ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై జీఎస్‌టీ) పడుతుంది. జర్మనీకి పంపేటప్పుడు ముందుగా ఎల్‌యూటీ (జీఎస్‌టీ శాఖకు ఇచ్చే హామీపత్రం) దాఖలు చేస్తే పన్ను కట్టకుండానే ఎగుమతి చేయవచ్చు.

బకాయిల సంగతి క్లస్టర్ చూసుకుంటుందని అనుకోవద్దు. మీరిద్దరూ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) ముందే చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొనుగోలుదారు 45 రోజులకు మించి గడువు పెట్టకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. కొనుగోలుదారు దేశంలో ఎక్కడ ఉన్నా, ఇలాంటి బకాయిల తగాదాలు తీర్చడానికి ఆ చట్టం కింద సరఫరాదారు ఉన్నచోట ఏర్పడిన కౌన్సిల్‌లోనే ఫిర్యాదు నడుస్తుంది, అంటే హైదరాబాదు కంపెనీ మీద మీరు ఒడిశాలోనే వేయవచ్చు. జర్మన్ కొనుగోలుదారుకు ఈ చట్టం అక్కరకు రాదు, కాబట్టి అక్కడ కొంత అడ్వాన్సు తీసుకోండి.

చివరగా, విశాఖవారు రాసే సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తో మొదటి రూపాయి చెల్లించకముందే కాగితం మీద పెట్టండి. చెల్లించినంత మాత్రాన సోర్స్ కోడ్ హక్కు మీకు రాదు. కాపీరైటు బదిలీకి సంతకంతో కూడిన లిఖితపూర్వక పత్రం ఉండాలి, అందులో కాలపరిమితి, ప్రాంతం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లకు, భారతదేశానికి మాత్రమే పరిమితం చేస్తుంది. జర్మనీకి అమ్మాలనుకునే మీకు ఆ రెండు మాటలూ పత్రంలో ఉండాలి.