రన్‌సీ డిలీట్ ఫోర్స్ కొట్టాక కూడా ప్రాసెస్ బతికే ఉంది. తప్పు ఎవరిది?

రాత్రిడ్యూటీ:
మా బిల్డ్ సర్వర్‌లో డాకర్ లేదు, జాబ్‌లు నడిపే ఏజెంట్ ప్రోగ్రామ్ నేరుగా రన్‌సీని పిలుస్తుంది. కంటైనర్లను (ప్రోగ్రామ్‌లను విడివిడిగా ఉంచి నడిపే పెట్టెలు) లేపే, తీసేసే టూల్ అది. రూట్‌లెస్ కంటైనర్లు, అంటే అడ్మిన్ హక్కులు లేని మామూలు యూజర్ నడిపేవి. డీబగ్ టూల్‌కి హోస్ట్ ప్రాసెస్‌లు కనబడాలని పీఐడీ నేమ్‌స్పేస్ (కంటైనర్‌కి సొంత ప్రాసెస్ నంబర్ల లోకం) విడిగా ఇవ్వలేదు. ఆ యూజర్‌కి సీగ్రూప్ (ప్రాసెస్‌లను ఒక గుంపుగా కట్టే కెర్నల్ సదుపాయం) అనుమతీ లేదు. జాబ్ అయిపోగానే స్క్రిప్ట్ 'రన్‌సీ డిలీట్ ఫోర్స్' కొడుతుంది. ఎగ్జిట్ కోడ్ 0, అంటే పని సజావుగా అయిందని. లిస్టులో కంటైనర్ లేదు. ఆ తర్వాతి జాబ్ మాత్రం 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని పడిపోతుంది. పీఎస్ కొట్టి చూస్తే పాత జాబ్ వర్కర్ ఇంకా నడుస్తోంది, పేరెంట్ పీఐడీ 1, అంటే దాన్ని పుట్టించిన ప్రాసెస్ పోయి సిస్టమ్ మొదటి ప్రాసెస్ కిందికి చేరింది. ఫోర్స్ అన్నాక అన్నిటినీ వెతికి చంపాలా వద్దా?

కెర్నల్‌పిచ్చి:
మీరే తలుపులు తీసిపెట్టి దొంగలు పడ్డారంటే ఎలా? కంటైనర్‌కి సొంత పీఐడీ నేమ్‌స్పేస్ ఉంటే, అందులో 1వ నంబర్ ప్రాసెస్ చచ్చిన వెంటనే మిగతావాటికి కెర్నలే సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సిగ్నల్) పంపుతుంది. రన్‌సీ వెతకాల్సిన పనే లేదు. నేమ్‌స్పేస్ లేకపోతే సీగ్రూప్ చూసి చంపుతుంది. లినక్స్ 5.14 నుంచి సీగ్రూప్ వీ2లో 'సీగ్రూప్ డాట్ కిల్' ఫైల్ ఉంది, అందులో 1 రాస్తే లోపలున్నవన్నీ పోతాయి, మధ్యలో ఫోర్క్ అయినా (కొత్త ప్రాసెస్ పుట్టినా) తప్పించుకోలేవు. అంతకుముందు ఫ్రీజ్ చేసి, పీఐడీల లిస్టు చదివి, ఒక్కోదాన్నీ చంపాల్సి వచ్చేది. మీ దగ్గర ఈ రెండూ లేవు. ఇక ఏది మీ కంటైనర్‌దో రన్‌సీకి ఎలా తెలుస్తుంది? పేరు చూసి చంపమంటారా? పక్క జాబ్ వర్కర్ పేరు కూడా అదే కదా.

మౌనముని:
జాంబీ ప్రాసెస్‌లను ఎవరూ చంపలేరు. అవి అప్పటికే చచ్చాయి. పేరెంట్ వెయిట్ పిలిస్తేనే టేబుల్‌లోంచి పోతాయి. అలా చచ్చినవాటిని ఊడ్చే ఇనిట్ ఆప్షన్ పెట్టి చూడండి.

రాత్రిడ్యూటీ:
ముని గారూ, నాది జాంబీ కాదు. స్టేట్ 'ఎస్' (నిద్రలో ఉంది) అని ఉంది, 'జెడ్' (జాంబీ) కాదు. పోర్ట్ పట్టుకుని కూర్చుంది, లాగ్ కూడా రాస్తోంది.

కెర్నల్‌పిచ్చి గారూ, సబ్‌రీపర్ సంగతి మర్చిపోయారు. లినక్స్ 3.4 నుంచే ఉంది. పైన ఒక ప్రాసెస్ సబ్‌రీపర్‌గా నిలబడితే, పేరెంట్ పోయిన ప్రాసెస్‌లు పీఐడీ 1 దగ్గరికి కాకుండా దాని దగ్గరికే వస్తాయి. అప్పుడు ఏవి నావో తెలుస్తుంది.

కెర్నల్‌పిచ్చి:
నిలబడాలి అన్నారు చూడండి, అక్కడే ఉంది తిరకాసు. రన్‌సీ డీమన్ కాదు, వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండదు. కంటైనర్‌ని లేపి తన దారిన తను పోతుంది. కంటైనర్‌డీ (కంటైనర్లను చూసుకునే డీమన్) వాళ్లు షిమ్ (కంటైనర్ పక్కనే నిలబడి ఉండే చిన్న ప్రాసెస్) పెట్టుకున్నది ఇందుకే. మీ ఏజెంట్‌లో అలాంటిదేమీ లేదు కాబట్టి తప్పు ఏజెంట్‌ది.

కొత్తగాచేరా:
కుబర్నెటీస్‌లో (చాలా మెషిన్ల మీద కంటైనర్లను నడిపే సిస్టమ్) కూడా ఇంతే కదా అన్నా? గ్రేస్ పీరియడ్ (ఆగడానికి ఇచ్చే గడువు) 0 పెట్టి ఫోర్స్ డిలీట్ కొడితే ఏపీఐలో పాడ్ (కలిసి నడిచే కంటైనర్ల గుంపు) పేరు మాత్రమే వెంటనే పోతుంది, నోడ్ (అది నడిచే మెషిన్) మీద ప్రాసెస్ ఇంకాసేపు నడుస్తూ ఉండొచ్చు. స్టేట్‌ఫుల్‌సెట్‌తో (ఒక్కో పాడ్‌కి స్థిరమైన పేరు, డిస్క్ ఉంచేది) జాగ్రత్త అని వాళ్ల డాక్యుమెంట్‌లోనే ఉంది.

మౌనముని:
రెండు పాడ్‌లు ఒకే డిస్క్ మీద రాస్తే గోవిందా. అయినా ముందు ఆ జాంబీలు ఎందుకు వస్తున్నాయో చూడండి.

కెర్నల్‌పిచ్చి:
ఇంకోటి. సొంత పీఐడీ నేమ్‌స్పేస్ లేకుండా, సీగ్రూప్ లేకుండా రూట్‌లెస్ కంటైనర్ తయారుచేస్తే రన్‌సీ వార్నింగ్ ఇస్తుంది: ఇలా చేస్తే ప్రాసెస్‌లన్నిటినీ సరిగ్గా చంపడం సాధ్యం కాదు, ముందుముందు దీన్ని ఎర్రర్ చేస్తాం అని. లాగ్ చదవకుండా ఫోరంకి రావడం కొందరికి అలవాటైపోయింది.

రాత్రిడ్యూటీ:
ఆ 'కొందరు' ఎవరో పేరు పెట్టి చెప్పండి, పర్లేదు. ఆ ఏజెంట్ నేను రాసింది కాదు. రాసినాయన వెళ్లిపోయాడు. వార్నింగ్ పడింది కంటైనర్ పుట్టినప్పుడు, వేల లైన్ల లాగ్‌లో. నేను లేచింది రాత్రి రెండింటికి, అది చచ్చిందని చెప్పాక. మా లీడ్ ముందు స్క్రిప్ట్ అవుట్‌పుట్ పెడితే 'ఎగ్జిట్ కోడ్ 0 వచ్చిందిగా, నీ స్క్రిప్ట్‌లోనే ఏదో తప్పుంది' అన్నాడు. రివ్యూలో కూడా అదే రాశాడు. ఆ సున్నా వల్ల నాకు జరిగింది ఇది.

కెర్నల్‌పిచ్చి:
మీ రివ్యూకి రన్‌సీ ఏం చేస్తుంది?

రాత్రిడ్యూటీ:
అబద్ధం చెప్పకుండా ఉండొచ్చు! మొదటి పోస్టులో చంపాలా వద్దా అని అడిగాను, సరే, అలా అడగడం నా తప్పే. చంపలేకపోతే చంపకండి. చంపలేకపోయాం అని సున్నా కాని కోడ్ ఇవ్వండి చాలు. నాకు కావల్సింది అదొక్కటే.

కెర్నల్‌పిచ్చి:
ఇది ముందే అంటే నిన్ననే తేలిపోయేది. అయితే దీనికి కూడా నేను ఒప్పుకోను, ఎందుకో చెప్తాను. ఫోర్స్‌తో డిలీట్ అంటే, అసలు ఆ పేరుతో కంటైనరే లేకపోయినా 0 ఇస్తుంది. అది బగ్ కాదు, కావాలని పెట్టింది. మళ్లీ మళ్లీ పిలిచినా ఏడవకూడదని. మీరన్నట్టు ఎర్రర్ ఇస్తే పైనున్న మేనేజర్ ప్రోగ్రామ్ మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఎర్రర్, మళ్లీ. నాకోసారి ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు ఇచ్చే) సర్వర్ పడిపోయింది. దాని మీద ఆగిన ప్రాసెస్‌లన్నీ 'డి' స్టేట్‌లో (డిస్క్ జవాబు కోసం కదలకుండా ఆగిన స్థితి) ఇరుక్కున్నాయి. సిగ్‌కిల్ పంపినా మేలుకునేదాకా చావవు. డిలీట్‌లు అన్నీ ఫెయిల్, కొత్త కంటైనర్ ఒక్కటీ లేవదు. రెండు ప్రాసెస్‌ల కోసం నోడ్ మొత్తం ఆగిపోయింది. చివరికి రీబూటే. ఆ రోజు ఎవరైనా '0 ఇచ్చి పక్కకి పో' అనుంటే దండం పెట్టేవాణ్ణి.

రాత్రిడ్యూటీ:
అంటే మీకు ఇరుక్కుపోతుందని భయం, నాకు తెలియకుండా మిగిలిపోతుందని భయం. నేనైతే ఆగిపోయిన నోడ్‌నే కోరుకుంటా. కనీసం కళ్లకి కనబడుతుంది.

కెర్నల్‌పిచ్చి:
ఒక నోడ్ ఉన్నవాళ్లకి బాగానే ఉంటుంది.

రాత్రిడ్యూటీ:
మళ్లీ మొదలుపెట్టారా?

కొత్తగాచేరా:
అన్నా, గొడవ సరే, ఇప్పుడు ఆ సర్వర్‌లో అలాంటివి ఇంకెన్ని మిగిలున్నాయి?

రాత్రిడ్యూటీ:
ఇప్పుడే చూశా. పేరెంట్ 1 ఉన్న వర్కర్లు మొత్తం ఏడు. ఒకటి పదకొండు రోజుల నుంచి నడుస్తోంది. ఆ జాబ్ పేజీలో ఆకుపచ్చ టిక్కు ఉంది.

మౌనముని:
ఏడూ జాంబీలేనా?