కింగ్స్ ఐలాండ్ రేసర్ లాంటి పాత చెక్క కోస్టర్లు: ఉంచాలా, స్టీలుకి మార్చెయ్యాలా?

పట్టాల పట్టాభి
సీజన్ పాసుల థ్రెడ్‌లో ఈ గొడవ ముదిరి పాసుల సంగతే ఎగిరిపోతోందని మోడరేటర్ గారు కొత్తది తెరవమన్నారు. విషయం ఇది. సిన్సినాటి పక్కన కింగ్స్ ఐలాండ్‌లో ‘ది రేసర్’ అనే రోలర్ కోస్టర్ 1972లో పార్కుతో పాటే మొదలైంది. జాన్ అలెన్ డిజైన్, 88 అడుగుల ఎత్తు, పక్కపక్కన రెండు చెక్క పట్టాలు, వాటి మీద రెండు రైళ్ల పోటీ. దీన్ని రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ వాళ్ల చేతిలో పెట్టి స్టీలు పట్టా వేయించాలని నిలువుదిగుడు గారి వాదన. పార్కు వాళ్లేం అనలేదు, ఇది ఆయన కోరిక. బాగుచేసుకుంటూ ఉంచాలని నాది. కానివ్వండి.

నిలువుదిగుడు
నా వాదన సగమే రాశారు పట్టాభి గారూ. పాతది కాబట్టి తీసెయ్యమని నేననలేదు. సెడార్ పాయింట్ పార్కులో ఏం జరిగిందో చూడమన్నాను. అక్కడ మీన్ స్ట్రీక్ 1991లో వచ్చింది, 161 అడుగులు. పేరుకే పెద్దది. మొదటి దిగుడులోనే వేగం తగ్గించే ట్రిమ్ బ్రేకులు పట్టుకునేవి, ఆ తర్వాత మలుపులన్నీ ఈడ్చుకుంటూ పోవడమే. 2016లో మూశారు. ఆ చెక్క ఫ్రేములో చాలా భాగం వాడుకునే రాకీ మౌంటెన్ వాళ్లు స్టీలు పట్టా వేస్తే, 2018లో స్టీల్ వెంజెన్స్ అని తెరిచారు: 205 అడుగులు, 90 డిగ్రీల దిగుడు, గంటకి 74 మైళ్లు, నాలుగుసార్లు తలకిందులు. అంతకుముందు ఈగలు తోలుకున్న చోట ఇప్పుడు క్యూ బయటిదాకా ఉంటోంది. నడుములో డిస్కు జారినవాణ్ణి, చెక్క కోస్టర్ల కుదుపు మీద నాకెవరూ క్లాసు పీకక్కర్లేదు.

పట్టాల పట్టాభి
పీకుతాను, ఏమనుకోకండి. కుదుపు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడకుండా నేరం చెక్క మీద మోపితే ఎలా?

చెక్క పట్టా అంటే ఒక్క దుంగ కాదు. సదరన్ ఎల్లో పైన్ పలకలు ఒకదాని మీద ఒకటి, మామూలుగా 8 పొరలు. పై రెండు పొరలు కాస్త వెడల్పుగా లోపలికి పొడుచుకొస్తాయి. రైలు పైకి లేవకుండా ఆపే అప్‌స్టాప్ చక్రం ఆ అంచు కింద నడుస్తుంది. చక్రం తగిలే చోటల్లా ఇనప పట్టీ ఉంటుంది. దిగుడు అడుక్కి వచ్చేసరికి రైలు బరువు రెండు మూడింతలై పడుతుంది, రోజూ అదే చోట. పలకలు నలుగుతాయి, బోల్టు కన్నాలు సాగుతాయి. మలుపుల్లో గేజి, అంటే రెండు కమ్మీల మధ్య ఎడం, కొంచెం కొంచెంగా పెరుగుతుంది. పక్క చక్రాలకి ఆడేంత చోటు దొరికాక రైలు కుడికీ ఎడమకీ కొట్టుకుంటూ పోతుంది. మీ నడుముకి తగిలేది అది.

దీనికి మందు కొత్తదేం కాదు. చలికాలం పార్కు మూసినప్పుడు ఇనప పట్టీ విప్పి నలిగిన పొరలు తీసేస్తారు. వాటి కింద అడ్డంగా ఉండే లెడ్జర్లని సుత్తితో తట్టి, పదునైన మొనతో పొడిచి చూస్తారు. మొన మెత్తగా దిగిపోయిందంటే ఆ చెక్క కుళ్లినట్టే, మార్చాలి. ఒక పొర అతుకు మీద ఇంకో పొర అతుకు రాకుండా కొత్త పలకలు జరిపి పేర్చాలి, గేజి కొలుచుకుంటూ బోల్టులు బిగించాలి, మనుషుల బదులు నీళ్ల డమ్మీలు కూర్చోబెట్టి రైళ్లు తిప్పాలి. కొత్త కలప సర్దుకునేదాకా బోల్టులు మళ్లీ మళ్లీ బిగిస్తూనే ఉండాలి. చాలా చోట్ల చేతులెత్తేసేది ఇక్కడే. ఇంకోటి, ఖర్చు తగ్గుతుందని ఓ 100 అడుగులు మాత్రం మార్చి వదిలేస్తే కొత్త గట్టి పట్టా అయిపోయి పాత మెత్త పట్టా మొదలయ్యే చోట కొత్త కుదుపు పుడుతుంది. అది చూసి ‘ఎంత బాగుచేసినా ఇంతే, చెక్క పనికిరాదు’ అంటారు.

కారోవిండ్స్ కాకి
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

ఫ్రిస్కో పిల్లగాడు
పట్టాభి అన్నా, ఇదంత ఏటేటా ఎవలు జేస్తరే? మా సిక్స్ ఫ్లాగ్స్‌ల టెక్సాస్ జెయింట్ 1990ల వెట్టిన్రు. రిపేర్ల మీద రిపేర్లు జేసి 2009ల బంద్ జేసిన్రు. రాకీ మౌంటెనోళ్లు పట్టా మార్చినంక 2011ల మళ్ల తెరిచిన్రు, మఖ్మల్ లెక్క పోతది. దిగుడు 79 డిగ్రీలు. ఫ్రేము ఇంకా చెక్కదే. గట్లంటే చెక్క కోస్టర్ బతికినట్టే గదా?

పట్టాల పట్టాభి
బతకలేదు తమ్ముడూ. రాకీ మౌంటెన్ వాళ్లు వేసే ఐ-బాక్స్ పట్టా అంటే ప్లేట్లు వెల్డింగ్ చేసిన స్టీలు. రైలు దేని మీద నడుస్తుందో దాన్ని బట్టే లెక్క. కోనీ ఐలాండ్ సైక్లోన్ 1927 నాటిది, దాని ఫ్రేము ఇనుము, పట్టా చెక్క. అయినా అది చెక్క కోస్టరే.

ఫ్రిస్కో పిల్లగాడు
అట్లైతే కింద చెక్క, మీద ఇనుము ఉన్నది ఇనుము. కింద ఇనుము, మీద చెక్క ఉన్నది చెక్క. మంచిగున్నది లెక్క.

పట్టాల పట్టాభి
అవును, అదే లెక్క. నవ్వడానికేముంది?

అత్తిలి అబ్బాయి
చెక్కని మరీ నెత్తిన పెట్టుకోకండి. అదే కింగ్స్ ఐలాండ్‌లో సన్ ఆఫ్ బీస్ట్ 2000లో వచ్చింది. 218 అడుగుల చెక్క కోస్టరు, పైగా లూపు. 2006లో ఫ్రేములో దుంగ విరిగి 27 మందికి దెబ్బలు తగిలాయి. లూపు పీకేసి, తేలిక రైళ్లు తెచ్చి నడిపారు. 2009లో ఆపేశారు, 2012లో కూల్చేశారు.

కారోవిండ్స్ కాకి
స్టీలు విరగదా ఏంటి? మా కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 అనే స్టీలు కోస్టరు స్తంభం పగిలింది 2023లో. రైలు వెళ్తుంటే స్తంభం కదలడం చూసి వీడియో తీసింది పార్కుకి వచ్చినాయన.

నిలువుదిగుడు
ఒక స్తంభం పగిలితే ఆ స్తంభం మార్చి నడిపారు. అదీ తేడా. సరే, పట్టాభి గారిని సూటిగా అడుగుతున్నా. కింగ్స్ ఐలాండ్‌లోనే ఉన్న బీస్ట్ 1979 నాటిది, 7,300 అడుగులకి పైనే, ప్రపంచంలోకెల్లా పొడుగైన చెక్క కోస్టరు. 2022 సీజన్‌కి చెక్క కోస్టర్లు కట్టే గ్రావిటీ గ్రూప్ వాళ్లు దాన్ని బాగుచేసినప్పుడు మొదటి దిగుడు 45 డిగ్రీల నుంచి 53కి పెంచారు. మరి బీస్ట్‌ని ఉంచినట్టా, మార్చినట్టా? మీ వాళ్లు ముట్టుకుంటే మరమ్మతు, మా వాళ్లు ముట్టుకుంటే హత్యా?

పట్టాల పట్టాభి
8 డిగ్రీలకీ నాలుగు తలకిందులకీ తేడా కనపడని వాళ్లకి ఏం చెప్పినా వృథా.

నిలువుదిగుడు
ఇదిగో, ఈ మాట తీరే నాకు నచ్చనిది. 2005 నాటి ‘కింగ్డా కా’ స్టీలు కోస్టర్ని 2025 ఫిబ్రవరిలో పేల్చేసినప్పుడు కూడా ఇంతే. 456 అడుగుల కోస్టరు పోయిందని నేను బాధపడి రాస్తే ‘ఇరవై ఏళ్ల ఇనుముకి ఏడుపెందుకు’ అని కింద రాశారు. మీ చిన్ననాటి రైడ్ పోతే వారసత్వం, నాది పోతే తుక్కు!

పట్టాల పట్టాభి
నేనన్నది దాని హైడ్రాలిక్ లాంచ్ గురించి, రైలుని ఒక్క ఊపున విసిరే యంత్రం. నెలల తరబడి రిపేర్లోనే ఉండే యంత్రాన్ని...

మోడరేటర్
పాత థ్రెడ్‌లు ఇక్కడికి మొయ్యకండి. ఇద్దరికీ చెప్తున్నాను.

సుభద్ర మాసన్
చెక్కా స్టీలా అని ఇంతసేపు కొట్టుకున్నారు, ఎవరు ఎక్కాలో మాత్రం ఒక్కరూ రాయలేదు. రేసర్‌కి కనీస ఎత్తు 48 అంగుళాలు. స్టీల్ వెంజెన్స్‌కి 52. ఆ 4 అంగుళాలు పెరగడానికి పిల్లలకి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఎత్తు సరిపోయినా 90 డిగ్రీల దిగుడు ఏడేళ్ల పిల్లకి మొదటి పెద్ద కోస్టరు కాలేదు. మన ఇళ్లలో వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పర్సులు, ఫోన్లు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీదే ఉండిపోతారు. వాళ్లలో ఆరోగ్యం బాగున్న అరవయ్యేళ్లావిడ మనవరాలి పక్కన ఒడిబార్ వేసుకుని కూర్చుని, తలకిందులు కాకుండా, నాలుగు గుట్టలు ఎగిరి దిగే రైడ్ రేసరే. పార్కులో చిన్నపిల్లల కోస్టర్లున్నాయి, 300 అడుగులు దిగేదీ ఉంది. మధ్యలో ఉన్న ఈ మెట్టు పీకేస్తే మళ్లీ కట్టేదెవరు?

మీన్ స్ట్రీక్ పోతే నాకు బాధ లేదు. ఆ ఎత్తుకి అది భయమూ పెట్టలేదు, సుఖమూ ఇవ్వలేదు.

నిలువుదిగుడు
సుభద్ర గారూ, మీరడిగారు కాబట్టి చెప్తాను. పార్కు డబ్బు పెట్టేది కొత్త పాసులు అమ్ముడుపోవడానికి. రేసర్‌కి కొత్త పలకలు వేశామని హోర్డింగ్ పెడితే ఒక్క పాసు అదనంగా అమ్ముడవదు. స్టీల్ వెంజెన్స్ అని పెడితే డాలస్ నుంచి కూడా విమానం ఎక్కి వస్తారు. నేనూ పాసు కొంటున్నాను, కోస్టర్ల కోసమే వెళ్తాను. కొత్త పట్టాకి వెళ్లాల్సిన డబ్బు ఏటా పాత పలకల మీద పోస్తుంటే నా వంతు ఎప్పుడు వస్తుంది? నాకున్న గొడవ అంతే. చెక్క మీద పగేం లేదు.

పట్టాల పట్టాభి
ఈ ముక్క మొదట్లోనే అని ఉంటే పైన సగం రాసేవాణ్ణే కాదు. అయితే మీ నడుము సంగతి వదిలేసి డబ్బు సంగతే మాట్లాడదాం. సైక్లోన్ న్యూయార్క్ నగరం ఆస్తి. 1970ల్లో పక్కనున్న అక్వేరియం పెంచడానికి దాన్ని తీసెయ్యాలని చూశారు, జనం అడ్డుపడ్డారు, 1991లో జాతీయ చారిత్రక కట్టడం అయింది. అక్కడ పాసుల లెక్క ఒక్కటే చూడరు. రేసర్‌కి అలాంటి వెనకదన్ను లేదు, కంపెనీ లెక్కలే. అందుకే ఏటా అంతా పెరక్కుండా, దిగుళ్ల అడుగునా మలుపుల్లోనూ మాత్రం గ్రేట్ కోస్టర్స్ వాళ్ల టైటన్ ట్రాక్ వెయ్యమంటాను. స్టీలే, కానీ పాత రైళ్లే నడుస్తాయి, దిగుడు ఆకారం మారదు. ఏటా బోల్టు బిగింపు ఆ మేరకు తగ్గుతుంది.

ఫ్రిస్కో పిల్లగాడు
అంటే పట్టాభి అన్న కూడా స్టీలు వెయ్యమంటుండు. మరి అది చెక్క కోస్టరా, ఇనప కోస్టరా?

నిలువుదిగుడు
😀

సుభద్ర మాసన్
పట్టాభి గారూ, వేస్తే రెండు వైపులా ఒకే చోట్ల, ఒకే చలికాలంలో వెయ్యాలి. ఒక పట్టా మీద స్టీలు, పక్క పట్టా మీద పాత పలకలు ఉంటే స్టీలు వైపు రైలు తక్కువ వేగం పోగొట్టుకుంటుంది, రోజూ అదే గెలుస్తుంది.

పట్టాల పట్టాభి
నిజమే. ఇప్పటికైతే ఏ వైపు బరువైన వాళ్లెక్కితే ఆ వైపు గెలుస్తోంది.

కారోవిండ్స్ కాకి
అయితే మా బావమరిదిని ఎటు కూర్చోబెట్టాలో ముందే చెప్పండి.