తైవాన్ వేసవి క్యాంపు: మనకే సరిగా రాని ‘వి’, ‘డబ్ల్యూ’ తేడా పిల్లలకి ఎలా నేర్పాలి?

జూలైలో తైవాన్‌లోని ఒక పల్లె చర్చిలో అయిదు రోజుల ఇంగ్లీషు క్యాంపు. వాలంటీర్లు ఆరుగురూ తెలుగువాళ్లే. పిల్లలు 24 మంది, మూడు నుంచి ఆరో తరగతి. పొద్దున ఇంగ్లీషు, మధ్యాహ్నం పిల్లలే గురువులై బ్రష్షుతో చైనీస్ అక్షరాలు రాయించి, డంప్లింగులు (లోపల కూర పెట్టి ఉడికించే, కజ్జికాయల్లాంటివి) చుట్టిస్తారు.

డంప్లింగులకి బెంగ లేదు. అర కిలో మైదాకి పావు లీటరు నీళ్లు, పిండి అరగంట నానాలి. అంచుకి కూర తడి తగిలితే అతుక్కోదు, మరిగే నీళ్లలో విచ్చుకుంటుంది, అంతే.

చిక్కంతా ఉచ్చారణ దగ్గర. అక్కడ మాట్లాడే చైనీస్ అయిన మాండరిన్‌లో ‘వి’ ధ్వని లేదు, అందుకని ‘వెరీ’ని పెదాలు గుండ్రంగా చుట్టి ‘ఉఎరీ’ అంటారు. మన ‘వ’ ఏమో రెంటికీ మధ్యరకం! ‘వెట్’ అంటే తడా, పశువుల డాక్టరా? మన నోట ఒకటే. పైగా మాండరిన్ మాటల చివర న్, ఙ్ లాంటివి తప్ప హల్లులు దాదాపు రావు, కాబట్టి పిల్లలు చివర అచ్చు తగిలిస్తారు. ‘బుక్కు’, ‘బస్సు’ అనే మన చెవికి ఆ తప్పు తప్పుగానే వినిపించదు.

అక్కడ పాఠాలు చెప్పినవాళ్లు సాయం చేయండి. ‘వి’ పలకడానికి పై పళ్లు కింది పెదవికి ఆనించడం చేతి అద్దంలో చూపిస్తే చాలా, రికార్డింగులు కూడా కావాలా? రోజుకి ఎన్ని జంట పదాలు (ఆ రెండు ‘వెట్’లలా ఒక్క ధ్వనిలోనే తేడా ఉన్నవి) పెట్టొచ్చు? తుఫాను సెలవొచ్చి ఒకరోజు పోతే ఏ పాఠం వదిలేయాలి?