అక్టోబర్ 30న విజయవాడలో అందరం కూర్చుని ఆడియో డ్రామా విందామంటే వస్తారా?

బెజవాడ_శ్రోత:

అందరికీ నమస్తే. మేం నలుగురం కలిసి విజయవాడలో ఒక ఆడియో డ్రామా చేస్తున్నాం. ఆరు ఎపిసోడ్లు, కృష్ణ మధ్యలో ఒక లంక ఊళ్లో వరద వచ్చిన రాత్రి జరిగే కథ. మూడు బయటికొచ్చాయి, నాలుగోది ఎడిటింగ్‌లో ఉంది. రికార్డింగంతా మా అత్తయ్య వాళ్లింట్లోనే, బట్టల బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, వాటి మీద బొంతలు వేసి, ఫ్యాన్ ఆపేసి. మే నెలలో అలా గంట కూర్చుంటే చెమటకి స్క్రిప్టు కాగితాలు మోచేతికి అతుక్కుపోయేవి. ఇంత చేసినా రెండో ఎపిసోడ్‌లో పక్కింటి కుక్కర్ విజిల్ ఒకటి డైలాగ్ మీద పడింది, ఎంత ప్రయత్నించినా పోలేదు, చివరికి ఆ సీన్‌నే వరండాలోంచి వంటింట్లోకి మార్చి మళ్లీ రాశాం.

అసలు విషయానికొస్తాను. ఆడియో డ్రామా చేసేవాళ్లు అక్టోబర్ 30ని ప్రపంచ ఆడియో డ్రామా దినంగా జరుపుకుంటారు. 1938లో ఆ రాత్రే న్యూయార్క్‌లో సీబీఎస్ రేడియోలో ఆర్సన్ వెల్స్ బృందం, అంగారకుడి మీది నుంచి దాడి జరుగుతున్నట్టు వార్తల రూపంలో ఒక నాటకం వేసింది, మధ్యలో రేడియో పెట్టినవాళ్లలో కొందరు నిజమే అనుకుని భయపడ్డారు. (దేశం దేశమంతా రోడ్డెక్కిందన్నది మాత్రం మర్నాటి పేపర్లు పెంచి రాసిన మాటేనని తర్వాత పరిశోధించినవాళ్లు అంటారు.) అదే ఏడాది జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలైంది, తెలుగు నాటకాలు కూడా అక్కడి నుంచి వచ్చేవి. ఈ రెండూ ఒకే ఏడాది అని తెలిసిన రోజు నుంచీ నాకు ఆ తేదీన ఇక్కడ ఏదో ఒకటి చేయాలని ఉంది.

గవర్నర్‌పేటలో మా ఫ్రెండ్ వాళ్ల ట్యూషన్ సెంటర్ హాలు సాయంత్రం ఖాళీగా ఉంటుంది, నలభై కుర్చీలు పడతాయి. లైట్లు ఆపేసి, స్పీకర్లు పెట్టి, అందరం కలిసి వినడం. అంతే. కానీ మా టీమ్‌లోనే ఇద్దరికి టెన్షన్‌గా ఉంది, తెర మీద ఏమీ లేకుండా గంటన్నర జనం కూర్చోరని, కనీసం బొమ్మలైనా వేద్దామని అంటున్నారు. నాకు తెర వద్దు. ఇలాంటిది ఎవరైనా చేశారా, చూశారా? మావి కాక ఇంకేం వినిపించాలి? యూట్యూబ్‌లో ఉన్న పాత రేడియో నాటకాలు వేసుకోవచ్చా?

పాత_మైకు:

అమ్మా, తప్పకుండా చెయ్యండి. నేను 80లలో ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో క్యాజువల్ డ్రామా ఆర్టిస్టుని, అంటే పిలిచినప్పుడు వెళ్లి నాటకాల్లో గొంతు ఇచ్చేవాణ్ణి, బి గ్రేడ్. ఆదివారం మధ్యాహ్నం నాటకం వచ్చే వేళకి మా వీధిలో ఒక్క రేడియో చుట్టూ పది మంది చేరేవాళ్లు, అరుగు మీద కొందరు, కిటికీ బయట కొందరు. ఎవరూ రేడియో వైపు చూసేవాళ్లు కాదు. మా నాయనమ్మ చేటలో బియ్యం ఏరుతూ వినేది, ఏడుపు సీను వస్తే ఏరడం ఆగిపోయేది, చెయ్యి అలాగే బియ్యంలో ఉండిపోయేది. కూర్చోరేమోనని భయపడకండి. తెర మాత్రం వద్దే వద్దు, తెర ఉంటే చెవి పని మానేస్తుంది.

రికార్డింగ్ మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. మాకు స్క్రిప్టు ఎప్పుడూ పిన్ను కొట్టి ఇచ్చేవాళ్లు కాదు, విడి కాగితాలే. పేజీ అయిపోయాక తిప్పితే చప్పుడొస్తుంది కాబట్టి మెల్లిగా కింద తివాచీ మీదకి వదిలేసేవాళ్లం, నాటకం అయ్యేసరికి కాళ్ల చుట్టూ కాగితాలే. దూరంగా వెళ్తూ మాట్లాడాలంటే గొంతు తగ్గించడం కాదు, నిజంగానే మైకు నుంచి నాలుగడుగులు వెనక్కి, తల పక్కకి తిప్పుతూ వెళ్లాలి. గొంతు తగ్గిస్తే మనిషి నీరసపడ్డట్టు వినిపిస్తుంది, వెళ్లిపోతున్నట్టు వినిపించదు. మీ మూడు ఎపిసోడ్లూ విన్నాను. పడవ మనిషి వెళ్లిపోయే చోట ఇదే పొరపాటు జరిగింది. మిగతా అంతా, ముఖ్యంగా ఆ ముసలమ్మ గొంతు, చాలా బాగుంది. ఎవరు చేశారో చివర పేర్లలో చెప్పలేదేం? మా రోజుల్లో నాటకం ముందూ వెనకా పాత్రధారుల పేర్లు చదివేవాళ్లు, ఆ పేరు విని ఊళ్లో మమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు. దయచేసి పేర్లు చెప్పండి.

పాత నాటకాల సంగతి. యూట్యూబ్‌లో ఉన్నంత మాత్రాన మనది కాదు. ఆకాశవాణి రికార్డింగులు ప్రసార భారతివి, సభలో వేయాలంటే కేంద్రానికి ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. దాని బదులు మీరే కొత్తగా ఆడితే ఇబ్బంది లేదు. మన చట్టంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల వరకే హక్కులుంటాయి. గురజాడ వారు 1915లో పోయారు, కాళ్లకూరి నారాయణరావు గారు 1927లో, చిలకమర్తి వారు 1946లో. కన్యాశుల్కం, వరవిక్రయం, గణపతి, వీటిలో ఏది ఎత్తుకున్నా ఎవరినీ అడగక్కర్లేదు. అయితే పుస్తకంలోంచి నేరుగా తీసుకోండి, వేరేవాళ్లు రేడియోకి కుదించిన ప్రతి మీద హక్కు వాళ్లదే.

క్రోయిడన్_తెలుగు:

లండన్ దగ్గర ఉంటాను, ఇక్కడ ఇలాంటివి చూశాను కాబట్టి రాస్తున్నా. జనం కూర్చుంటారు. వెల్‌కమ్ టు నైట్ వేల్ అని అమెరికన్ పాడ్‌కాస్ట్, 2012 జూన్‌లో మొదలైంది, నెలకి రెండు ఎపిసోడ్లు, ఎడారిలో ఒక ఊరి రేడియో స్టేషన్ నుంచి వార్తలు చదువుతున్నట్టు ఉంటుంది. వాళ్లు ఊరూరా తిరిగి థియేటర్లలో షోలు ఇస్తారు, నేను ఒకటి చూశాను. స్టేజీ మీద సెట్టు లేదు. మైకు, చేతిలో కాగితాలు, ఆ వార్తలు చదివే సిసిల్ బాల్డ్‌విన్ గొంతు, మధ్యలో ఒక గాయని వచ్చి పాట పాడి వెళ్లింది. వెనక వరసలో కూర్చున్న నాకు ఆయన మొహం కూడా సరిగ్గా కనిపించలేదు, ఆ సంగతి బయటికొచ్చాక గానీ తట్టలేదు. కాబట్టి మీ టీమ్ వాళ్లకి ఒక మాట చెప్పండి, పూర్తిగా రికార్డింగే వేయకుండా ఒక ఎపిసోడ్ అక్కడే నిలబడి చదవండి. తెర అడిగేవాళ్లకి చూడ్డానికి మనుషులుంటారు.

ఇంకేం వినిపించాలి అన్నారు కదా. ది మాగ్నస్ ఆర్కైవ్స్ విన్నారా? రస్టీ క్విల్ అని ఇక్కడి కంపెనీ చేసింది, 2016 నుంచి 2021 వరకు 200 ఎపిసోడ్ల భయానక కథ, జోనథన్ సిమ్స్ రాశాడు. దాని తర్వాతి భాగానికి 2022లో కిక్‌స్టార్టర్‌లో శ్రోతల్ని డబ్బు అడిగితే ఏడు లక్షల పౌండ్లు దాటింది, ఆ సీరీస్ 2024 జనవరిలో మొదలైంది. నేను చెప్పాలనుకున్నది ఆ డబ్బు గురించి కాదు. ఆర్కైవ్స్‌ని వాళ్లు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలారు. అంటే వాళ్ల పేరు చెప్పి, డబ్బు తీసుకోకుండా, మనం చేసినదాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇస్తే, ఎవరైనా వినిపించుకోవచ్చు, అనువదించుకోవచ్చు. ఒక ఎపిసోడ్‌ని తెలుగులో చదివి వినిపించడానికి అడ్డేమీ లేదు. చాలా ఎపిసోడ్లలో మొదటి పదిహేను నిమిషాలు ఒక్క మనిషి తనకి జరిగింది వాంగ్మూలంలా చెప్పడమే, మన దగ్గర రాత్రి డాబా మీద కథ చెప్తే ఎలా ఉంటుందో అలా. టికెట్ మాత్రం పెట్టకండి, లైసెన్సు ఒప్పుకోదు. మర్యాదకి వాళ్లకి ఒక మెయిల్ రాయండి.

ఇక్కడ బీబీసీ 2012 నుంచి ఏటా ఆడియో డ్రామా అవార్డులు ఇస్తోంది, అమెరికాలో సినిమాలకి పేరున్న ట్రైబెకా ఫెస్టివల్ 2021 నుంచి పాడ్‌కాస్టులనూ పోటీకి తీసుకుంటోంది. కానీ చిన్న టీమ్‌లు బతికేది వాటితో కాదు అనిపిస్తుంది నాకు. ఒకళ్ల ఎపిసోడ్ చివర ఇంకొకళ్ల ట్రైలర్ వేస్తారు, పైసా తీసుకోకుండా. నేను ఇప్పుడు వినేవాటిలో సగం అలా దొరికినవే. తెలుగులో చేసే రెండు మూడు టీమ్‌లు ఒకళ్ల గురించి ఒకళ్లు నోరెత్తరు, అదే నాకు బాధ. ఆ రోజు సభలో మీది కాని తెలుగు డ్రామా ఒక్కటైనా వేయండి, వాళ్లని పిలవండి.

సౌండ్_హైదరాబాద్:

పై ఇద్దరూ చెప్పినదానికి ఒప్పుకుంటూనే పనికొచ్చే నాలుగు మాటలు. మీ మిక్స్ హెడ్‌ఫోన్స్ కోసం చేశారు, బాగా చేశారు. అదే ఫైల్ హాల్లో వేస్తే దెబ్బ తింటుంది. మూడో ఎపిసోడ్‌లో వాన పూర్తిగా ఎడమ చెవిలో, కొడుకు గొంతు పూర్తిగా కుడి చెవిలో ఉంది. హాల్లో ఎడమ వరసలో కూర్చున్నవాళ్లకి వాన తప్ప ఏమీ వినిపించదు. గొంతులన్నీ మధ్యకి తెచ్చి, వాన రెండు వైపులా పంచి హాలు కోసం వేరే కాపీ చేసుకోండి, ముందు మోనోలో (రెండు వైపులా ఒకే శబ్దం వచ్చేలా) పెట్టి చూడండి, మాట అందులో తెలిస్తే ఎక్కడైనా తెలుస్తుంది. పాడ్‌కాస్ట్‌కి స్టీరియోలో మైనస్ 16 లౌడ్‌నెస్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గర ఉంచమంటారు కదా, హాల్లో ఆ లెక్క పక్కన పెట్టి మధ్యాహ్నమే ఒకసారి వెళ్లి చివరి కుర్చీలో కూర్చుని వినండి. ట్యూషన్ సెంటర్ గోడలు సున్నం గోడలే అయ్యుంటాయి, మాట గణగణమంటుంది, మీ బీరువా బొంతలు అక్కడికి పట్టుకెళ్లి వెనక గోడకి కట్టండి. ఏసీ లేకపోతే ఫ్యాన్లు సీన్ల మధ్య వేసి, నాటకం నడిచేటప్పుడు ఆపండి. అక్టోబర్ చివర కాబట్టి ఓర్చుకుంటారు.

స్క్రిప్టు పూర్తిగా టైప్ చేసి మీ పేజీలో పెట్టండి, వినికిడి తక్కువ ఉన్నవాళ్లు చదువుతూ అనుసరిస్తారు. బయటి దేశాల్లో చాలా షోలకి ఇది శ్రోతలే కూర్చుని చేసిపెట్టారు.

ఇంకోటి. మీకు ఏదో ఒక యాప్ నుంచి మొత్తం మాకే ఇచ్చేయండి అని ఇవాళో రేపో మెయిల్ వస్తుంది. 2023 ఆగస్టులో స్టిచర్ అనే పాడ్‌కాస్ట్ యాప్ మూతపడింది, 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడింది. వాటిలో వచ్చే షోలు పోలేదు, ఎందుకంటే ఫీడ్, అంటే కొత్త ఎపిసోడ్లని అన్ని యాప్‌లకీ చేరవేసే లింకు, ఆయా టీమ్‌ల చేతిలోనే ఉంది, శ్రోతలు ఇంకో యాప్‌లో అదే ఫీడ్ పెట్టుకున్నారు. నా అనుభవం వేరు. మేం చేసిన పద్దెనిమిది భాగాల సీరియల్‌ని ఒక చిన్న యాప్‌కి రాసిచ్చేశాం, పేరు చెప్పను, అది ఆగిపోయింది, దాంతోపాటు మా పనీ పోయింది. ఒప్పందం ప్రకారం ఇంకెక్కడా పెట్టలేం. నాన్నగారి గొంతు ఉంది అందులో. ఫీడ్ వదులుకోకండి.

నిజానికి ఆ పాకెట్ ఎఫ్ఎమ్, కుకు ఎఫ్ఎమ్ లాంటి ఆడియో యాప్‌లలో వచ్చే పొడుగు సీరియళ్లని నేను ఆడియో డ్రామా అనను, చాలావాటిలో ఒక్కరే అన్ని పాత్రలూ చదువుతారు.

రోజూ_వింటా:

సౌండ్ అన్నా, ఆ చివరి మాట నాకు నచ్చలేదు. మా అమ్మ తెనాలిలో టైలరింగ్ చేస్తుంది, మెషీన్ మీద ఫోన్ పెట్టుకుని రోజుకి నాలుగైదు ఎపిసోడ్లు వింటుంది. ఒక్కళ్లే చదివినా ఎవరు మాట్లాడుతున్నారో ఆవిడకి తెలిసిపోతుంది, మెషీన్ చప్పుడులో కూడా. హరికథలో మాత్రం ఒక్కరే కాదా అన్ని పాత్రలూ? వినేవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారంటే అక్కడే ఉన్నారు, వాళ్లని పిలవకుండా సభ పెడితే చేసేవాళ్లే కూర్చుని చేసేవాళ్లవే వింటారు. నేను అమ్మని తీసుకొస్తా. ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిలోపు వదిలేస్తే తిరుగు బస్సుకి ఇబ్బంది ఉండదు.

సౌండ్_హైదరాబాద్:

హరికథ మాట నిజమే తమ్ముడూ, నేను అలా ఆలోచించలేదు. అమ్మగారిని ముందు వరసలో కూర్చోబెట్టండి, ఎక్కడ మాట అర్థం కాలేదో ఆవిడ్నే అడుగుదాం.

బెజవాడ_శ్రోత:

అందరికీ చాలా థాంక్స్, రాత్రి మా నలుగురం కూర్చుని ఇవన్నీ పైకి చదువుకున్నాం. తెర లేదు, అది తేలిపోయింది. పాత_మైకు గారూ, ఆ ముసలమ్మ గొంతు మా అత్తయ్యది, రికార్డింగ్‌కి ఇల్లు ఇచ్చినావిడే. మైకు ముందు నిలబడటం ఆవిడకి అదే మొదటిసారి. మీరు రాసింది చదివి వినిపిస్తే ఇంకోసారి చదవమంది. మూడు ఎపిసోడ్ల చివరా పేర్లు చేర్చి ఇవాళే మళ్లీ అప్‌లోడ్ చేస్తున్నాం, పడవ మనిషి మాటలు ఆదివారం నాలుగడుగులు వెనక్కి నడిపించి మళ్లీ రికార్డ్ చేస్తాం, వీలైతే మీరు కూడా రండి.

ఆరింటికి మొదలు. ముందు కన్యాశుల్కంలోంచి ఒక సీను, పుస్తకంలోంచి నేరుగా. తర్వాత మాగ్నస్ ఎపిసోడ్ ఒకటి తెలుగులో, అనువాదం నేను మొదలుపెట్టాను, క్రోయిడన్ గారూ మీకు పంపిస్తా, చూసి తప్పులు చెప్పండి. ఆఖర్న మా నాలుగో ఎపిసోడ్ అక్కడే నిలబడి చదువుతాం. టికెట్ లేదు. రాజమండ్రిలో ఒక టీమ్ డ్రామా చేస్తోందని తెలిసింది, వాళ్లకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, ట్రైలర్ పంపితే మా మూడో ఎపిసోడ్ చివర వేస్తామని.

ఒక్క సాయం కావాలి. నాలుగో ఎపిసోడ్‌లో ఉరుములున్నాయి, వాటిని అక్కడే పుట్టించాలని ఉంది. పల్చటి ఇనప రేకు, మనిషంత పొడుగుది, ఊపితే ఉరిమేది, విజయవాడలో ఎవరి దగ్గరైనా ఉంటే ఆ సాయంత్రానికి ఇవ్వగలరా?

పాత_మైకు:

నా దగ్గర ఉంది. ఒక మూల తుప్పు పట్టింది, మోత మాత్రం తగ్గలేదు. ఆదివారం వచ్చేటప్పుడు ఆటోలో వేసుకొస్తాను.