క్లస్టర్‌లో షేర్డ్ డిస్కులు: స్క్రిప్ట్‌కి వదిలేయాలా, చేత్తో చేయాలా?

మారతహళ్ళి_డిబిఎ

అందరికీ నమస్కారం. నాకొక సమస్య ఉంది. దాని మీదే మా ఆఫీసులో తెగని వాదన కూడా నడుస్తోంది. రెండూ ఇక్కడ పెడుతున్నాను.

టెస్టింగ్ కోసం వర్చువల్‌బాక్స్ మీద రెండు నోడ్ల ఒరాకిల్ ర్యాక్ క్లస్టర్ (రెండు మెషీన్లు ఒకే డిస్కులు పంచుకుని ఒకే డేటాబేస్ నడిపే ఏర్పాటు) కడుతున్నాను. మెషీన్లు లేపడం దగ్గర్నుంచి షేర్డ్ డిస్కులు తగిలించడం దాకా అంతా వేగ్రంట్ (వర్చువల్ మెషీన్లను లేపే టూల్) స్క్రిప్టే చేస్తుంది. డిస్కులు తయారయ్యాక వాటికి పార్టిషన్లు చేసి, ఎస్‌డిబి, ఎస్‌డిసి, ఎస్‌డిడిల (లైనక్స్ డిస్కులకు ఇచ్చే పేర్లు) ఓనర్‌ను గ్రిడ్ యూజర్‌కి (క్లస్టర్ సాఫ్ట్‌వేర్ నడిపే అకౌంట్) మారుస్తుంది. ఇన్‌స్టాల్ ఏ గొడవా లేకుండా అయిపోతుంది. ఆ తర్వాత రెండో నోడ్‌ను ఒక్కసారి రీబూట్ చేస్తే చాలు, క్లస్టర్ స్టాక్ ఆ నోడ్ మీద లేవదు. లాగ్‌లో సీఆర్ఎస్-1714 (సీఆర్ఎస్ అంటే ఒరాకిల్ క్లస్టర్ సాఫ్ట్‌వేర్) పడుతూనే ఉంటుంది: ఓటింగ్ ఫైళ్ళు (ఏ నోడ్లు క్లస్టర్‌లో ఉన్నాయో నమోదయ్యే ఫైళ్ళు) దొరకలేదు, 15 సెకన్లలో మళ్ళీ వెతుకుతా అని. డిస్కుల ఓనర్ చూస్తే మళ్ళీ రూట్ అయిపోయి ఉంటుంది.

మా మేనేజర్‌గారు ఇది చూసి, "డిస్కుల పని స్క్రిప్ట్‌లోంచి తీసేయ్, చేత్తో చేద్దాం, రేపు ప్రొడక్షన్‌లోనూ అంతే" అన్నారు. ప్రొడక్షన్ విఎంవేర్ మీద ఉంటుంది. సగం పని స్క్రిప్ట్, సగం పని చేత్తో అంటే నాకు మనసొప్పడం లేదు. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

కడప_కెర్నల్

అన్నా, ముందు సమస్య సంగతి చూద్దాం, వాదన తర్వాత.

ఈ డిస్కుల పేర్లుండే డెవ్ డైరెక్టరీ డిస్కు మీద ఉండేది కాదు, మెమరీలో ఉంటుంది. బూట్ అయిన ప్రతిసారీ కెర్నల్ దాన్ని కొత్తగా కడుతుంది. అందులో నువ్వు చౌన్ కొట్టి మార్చిన ఓనర్ రీబూట్‌తో పోతుంది. ఓనర్ నిలవాలంటే యూడెవ్ రూల్ (డిస్కు కనపడిన ప్రతిసారీ లైనక్స్ దానికి వర్తింపజేసే నియమం) రాయాలి. ఆ రూల్ కూడా ఎస్‌డిబి అన్న పేరు మీద రాయొద్దు, డిస్క్ సీరియల్ మీద రాయి. కెర్నల్ డిస్కులను ఒకేసారి సమాంతరంగా పట్టుకుంటుంది, ఏది ముందు పలికితే దానికి ముందు పేరు. ఇవాళ ఎస్‌డిబి అయినది రేపు ఎస్‌డిడి కావచ్చు. మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర మొన్న వైట్‌ఫీల్డ్ బస్సు ఆగిన చోటే నిలబడి, బోర్డు చూడకుండా ముందొచ్చిన బస్సెక్కితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇంకోటి. నీ పార్టిషన్ బ్లాక్ రెండు నోడ్ల మీదా నడుస్తోందేమో చూడు. వేగ్రంట్‌లో ప్రొవిజన్ స్క్రిప్ట్ ప్రతి మెషీన్‌లోనూ విడిగా నడుస్తుంది. మొదటి నోడ్ చేసిన పార్టిషన్ టేబుల్ మీద రెండో నోడ్ వచ్చి మళ్ళీ కొత్త లేబుల్ రాస్తుంది. పార్టిషన్ పని ఒక్క నోడ్ మీదే జరగాలి, రెండో దాని మీద పార్ట్‌ప్రోబ్ (పార్టిషన్ టేబుల్‌ను మళ్ళీ చదివించే కమాండ్) ఒక్కటే నడపాలి. అది నడపకపోతే రెండో నోడ్ కెర్నల్‌కి పాత టేబులే గుర్తుంటుంది.

డిస్కులు తయారుచేసే చోట కూడా చూడు. వర్చువల్‌బాక్స్‌లో ఫిక్స్‌డ్ సైజు డిస్కును మాత్రమే షేరబుల్‌గా మార్చగలం. అవసరమైనంత పెరుగుతూ పోయే రకం డిస్కును మార్చబోతే ఎర్రర్ ఇస్తుంది. ఫైల్ ముందే ఉంటే మళ్ళీ తయారుచేయకు అనే షరతు కూడా పెట్టు. లేకపోతే రెండోసారి నడిపినప్పుడు అక్కడే ఆగిపోతుంది.

నిల్వగది

నేను చాలా ఏళ్ళుగా స్టోరేజ్‌లోనే ఉన్నాను. టెస్ట్‌లో మీ ఇష్టం బాబూ. ప్రొడక్షన్ విషయంలో మీ మేనేజర్‌గారి మాటే నా మాట.

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో జరిగింది చెబుతాను. నడుస్తున్న క్లస్టర్‌కి కొత్త నోడ్ చేర్చడానికి ఒక స్క్రిప్ట్ ఉండేది. అది కొత్త డిస్కుల మీది పాత హెడర్లు తుడిచి, పార్టిషన్ చేసి, ఏఎస్ఎంకి (ఒరాకిల్ డిస్కులను చూసుకునే సాఫ్ట్‌వేర్) ఇచ్చేది. ఏళ్ళ తరబడి బాగానే నడిచింది. ఈలోగా స్టోరేజ్ టీమ్ బ్యాకప్ కోసం ఒక లన్ (స్టోరేజ్ నుంచి సర్వర్‌కి ఇచ్చే డిస్కు) కొత్తగా మ్యాప్ చేసింది. సర్వర్ రీబూట్ అయ్యాక పేర్లు ఒక స్థానం జరిగాయి. ఆ సంగతి ఎవరికీ తెలియదు. స్క్రిప్ట్ తనకు చెప్పిన పేరు మీద పని చేసుకుంటూ పోయింది. తుడిచింది డేటా డిస్క్‌గ్రూపులోని డిస్కుని. రాత్రంతా బ్యాకప్ నుంచి రీస్టోర్ నడిచింది. డేటా తిరిగొచ్చింది గానీ మర్నాడు మధ్యాహ్నం దాకా బిల్లింగ్ ఆగిపోయింది.

మనిషైతే డిస్క్ సైజు చూసి "ఇదేంటి, ఇది పెద్దదిగా ఉందే" అని ఒక్క క్షణం ఆగేవాడు. స్క్రిప్ట్ ఆగదు. పైగా విఎంవేర్‌లో మల్టీరైటర్ (ఒకటికి మించిన మెషీన్లు ఒకేసారి రాయగల) డిస్కులు పెట్టిన విఎంకి (వర్చువల్ మెషీన్‌కి) స్నాప్‌షాట్ ఉండదు. తప్పు జరిగితే ఒక్క క్లిక్‌తో వెనక్కి వెళ్ళే దారి లేదు. అందుకే చెబుతున్నా.

గోదావరి_నోడ్

నిల్వగదిగారూ, మీ మాట తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ మీరు చెప్పిన చోట మనిషే ఉన్నా తుడిచేవాడనే నాకు అనిపిస్తోంది. ఆ మనిషి చేతిలో ఉండే కాగితంలో కూడా ఎస్‌డిసి అనే రాసి ఉంటుంది కదా! రన్‌బుక్‌లో పేరు రాస్తే మనిషి దాన్నే టైప్ చేస్తాడు, స్క్రిప్ట్‌లో పేరు రాస్తే స్క్రిప్ట్ దాన్నే నడుపుతుంది.

మనిషి ఆగుతాడు అన్నారు. మా చేంజ్ విండో శనివారం అర్ధరాత్రి మొదలవుతుంది. నాలుగు నోడ్లు, ఆరు లన్‌లు అనుకోండి, 24 చోట్ల డబ్ల్యుడబ్ల్యుఐడి (ఒక్కో డిస్కుకీ ప్రత్యేకంగా ఉండే గుర్తింపు సంఖ్య) పోల్చి చూడాలి. ఒక్కోటి 33 అక్షరాలు. ఒకే అరే (స్టోరేజ్ పెట్టె) నుంచి వచ్చిన లన్‌లకు అందులో చాలా భాగం ఒకేలా ఉంటుంది. కాల్‌లో పది మంది "అయిందా, అయిందా" అని అడుగుతుంటే, రాత్రి రెండు గంటలకు ఎవరు ప్రతి అక్షరం చూస్తారు? మా టీమ్‌లోని పిల్లలు చివరి నాలుగు అక్షరాలు చూసి సరే అనేస్తారు. వాళ్ళ తప్పు కాదది, కళ్ళు అంతకుమించి పనిచేయవు.

ఇలాంటి పోలిక మెషీన్‌కి క్షణం పని. మేం చేసేది ఇదీ: స్టోరేజ్ టీమ్ ఇచ్చే లన్ జాబితాలో సీరియలూ సైజూ ఉంటాయి. స్క్రిప్ట్ ప్రతి నోడ్‌లోనూ ఆ సీరియల్ ఉన్న డిస్కును వెతుకుతుంది. ఏ ఒక్క నోడ్‌లో కనపడకపోయినా, సైజు తేడా ఉన్నా ఆగిపోతుంది. ఆ తర్వాత వైప్‌ఎఫ్ఎస్‌ను ఏ ఆప్షనూ లేకుండా నడుపుతుంది. అలా నడిపితే అది ఏదీ తుడవదు, ఉన్న గుర్తులు చూపిస్తుంది అంతే. డిస్కు మీద ఫైల్‌సిస్టమ్ గానీ, ఎల్‌వీఎం గానీ, ఏఎస్ఎం గానీ ఏ గుర్తు దొరికినా స్క్రిప్ట్ ఎర్రర్ ఇచ్చి బయటికొచ్చేస్తుంది. దాటించే ఫ్లాగ్ లేదు, మేం కావాలనే పెట్టలేదు.

మీరు చెప్పిన ఆ బ్యాకప్ లన్ వచ్చినా, పేర్లు ఎన్ని స్థానాలు జరిగినా ఈ స్క్రిప్ట్ డేటా డిస్కును ముట్టుకోదు.

పలమనేరు_ప్యాకెట్

మధ్యలో చిన్న మాట. డిస్కులు ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కులిచ్చే పద్ధతి) మీద వస్తుంటే, స్క్రిప్ట్ నోడ్లను క్లోన్ చేసి లేపుతుంటే, ఇనిషియేటర్ పేరు (డిస్కు అడిగే నోడ్ తనను తాను చెప్పుకునే పేరు) ప్రతి నోడ్‌కీ వేరుగా ఉందో లేదో తప్పకుండా చూడండి. క్లోన్ చేసిన రెండు మెషీన్లలో ఒకే పేరు ఉండిపోతుంది. మొదటి నోడ్ లాగిన్ అవుతుంది. రెండోది అవ్వగానే, పాత సెషనే మళ్ళీ వచ్చిందనుకుని టార్గెట్ (డిస్కులిచ్చే వైపు) మొదటిదాన్ని తెంపేస్తుంది. మొదటిది తిరిగి లాగిన్ అవుతుంది, రెండోది పోతుంది. మావాళ్ళు నెట్‌వర్క్ కేబుళ్ళు, స్విచ్ పోర్టులు అన్నీ మార్చి చూశారు, చివరికి దొరికింది ఇదే.

కడప_కెర్నల్

అక్కా, మీ స్క్రిప్ట్ పద్ధతి నాకు నచ్చింది. కానీ మన డిబిఎ అన్న ప్రొడక్షన్ విఎంవేర్ కాబట్టి ఒక గుంత ఉంది, అందరూ చూసుకోవాలి.

విఎంవేర్‌లో విఎం సెట్టింగుల్లో డిస్క్ ఎనేబుల్ యూయూఐడి అన్నది ట్రూ పెట్టకపోతే, లోపల లైనక్స్‌కి డిస్క్ సీరియల్ అందదు. స్కజీ ఐడి కమాండ్ కొడితే ఖాళీ వస్తుంది. ఇప్పుడు షెల్ స్క్రిప్ట్‌లో "మొదటి నోడ్ సీరియల్, రెండో నోడ్ సీరియల్ సమానమా" అని అడిగారనుకోండి. ఇటు ఖాళీ, అటు ఖాళీ. సమానమే అంటుంది! పచ్చ రంగులో ఓకే అని ప్రింట్ చేసి ముందుకు పోతుంది. కళ్ళతో చూసే మనిషికైతే ఖాళీ గడి కనపడేది. ఈ ఒక్క విషయంలో నేను నిల్వగది సార్ వైపే.

కాబట్టి పోల్చే ముందు సీరియల్ ఖాళీగా లేదని చూడాలి. ఒకే నోడ్‌లో రెండు డిస్కులకు ఒకే సీరియల్ లేదనీ చూడాలి. మల్టీపాత్ (దారులన్నీ కలిపి ఒకే డిస్కుగా చూపేది) లేకుండా రెండు దారుల్లో లన్ వస్తే ఒకే డిస్కు రెండు పేర్లతో కనపడుతుంది, అదీ ఇక్కడే పట్టుబడుతుంది.

విండోస్_వైపు

మా ఫెయిలోవర్ క్లస్టర్లలోనూ ఇదే గోల. డిస్క్ నంబర్ ఒక నోడ్‌లో 3 ఉంటే ఇంకో నోడ్‌లో 5 ఉంటుంది. పవర్‌షెల్ స్క్రిప్ట్‌లో నంబర్ రాసినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తింటారు, యూనిక్ ఐడితోనే వెతకాలి. పాత క్లస్టర్ వదిలేసిన పర్సిస్టెంట్ రిజర్వేషన్ (ఈ డిస్కు నాది అన్న గుర్తు) డిస్కు మీద ఉండిపోతే కొత్త క్లస్టర్ దాన్ని తీసుకోదు. దాన్ని క్లియర్ చేసే కమాండ్‌ను మాత్రం నేను స్క్రిప్ట్‌లో పెట్టనివ్వను. ఆ రిజర్వేషన్ పెట్టిన క్లస్టర్ ఇంకా బతికే ఉందేమో స్క్రిప్ట్‌కి తెలియదు కదా.

నిల్వగది

గోదావరిగారి స్క్రిప్ట్ మంచిదే, ఒప్పుకుంటాను. అలాంటిది ఎంతమంది రాస్తారన్నదే నా బెంగ. ఇంటర్నెట్‌లో దొరికే సెటప్ స్క్రిప్టుల్లో నేను చూసినవి ఎక్కువ భాగం ఎస్‌డిబి నుంచి మొదలుపెట్టి ఫర్ లూప్ తిప్పుతాయి. కుర్రాళ్ళు టెస్ట్ కోసం తెచ్చుకుంటారు, అది పనిచేస్తుంది. ఆర్నెల్లకు అదే ఫైల్ ప్రొడక్షన్ రిపోజిటరీలో కనపడుతుంది.

ఇంకో రకం కూడా చూశాను. షేర్డ్ డిస్కు మీద మామూలు ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ వేసి రెండు నోడ్ల మీదా మౌంట్ చేసే స్క్రిప్ట్. రెండు కెర్నళ్ళూ ఎవరి క్యాష్ వాళ్ళు పెట్టుకుని, ఎవరి జర్నల్ వాళ్ళు రాసేస్తాయి. కాసేపు ఫైళ్ళు కనపడతాయి కూడా, అందుకే టెస్ట్ పాస్ అయిందనుకుంటారు. తర్వాత ఫైల్‌సిస్టమ్ మొత్తం చెడిపోతుంది. జీఎఫ్ఎస్2 గానీ ఓసీఎఫ్ఎస్2 గానీ (క్లస్టర్ కోసమే చేసిన ఫైల్‌సిస్టమ్‌లు) లేకుండా ఆ పని చేయకూడదని స్క్రిప్ట్ ఎవరికీ చెప్పదు. చేత్తో చేయించినప్పుడు కనీసం పక్కన సీనియర్ కూర్చుని "ఏం కొడుతున్నావు?" అని అడుగుతాడు.

గోదావరి_నోడ్

ఆ అడగడం రివ్యూలో జరగాలి సార్. స్క్రిప్ట్ అయితే మీరు పగలు, మంచి వెలుతురులో, టీ తాగుతూ ప్రతి లైనూ చదవొచ్చు. చేత్తో చేస్తే కొట్టిన తర్వాతే మీకు కనపడుతుంది. ఎస్‌డిబి అన్న అక్షరాలు స్క్రిప్ట్‌లో ఎక్కడున్నా మెర్జ్ కానివ్వని చెక్ మేం పెట్టుకున్నాం. మీలాంటివాళ్ళు ఆ రివ్యూలో కూర్చుంటే మాకు అంతకన్నా ఏం కావాలి?

మారతహళ్ళి_డిబిఎ

అందరికీ చాలా థాంక్స్. కడప అన్న చెప్పినట్టు చౌన్ తీసేసి సీరియల్ మీద యూడెవ్ రూల్ రాశాను, పార్టిషన్‌ను మొదటి నోడ్‌కే పరిమితం చేశాను. ఇప్పుడు రెండో నోడ్ రీబూట్ అయినా సీఆర్ఎస్ లేస్తోంది. డిస్కు పేర్లు నిజంగానే మారి వచ్చాయి, అయినా ఏఎస్ఎంకి ఏ తేడా తెలియలేదు.

అన్నీ డిస్ట్రాయ్ చేసి మళ్ళీ లేపితే ఇంకో సంగతి బయటపడింది. వర్చువల్‌బాక్స్ డిస్కు సీరియల్ దాని యూయూఐడి నుంచి వస్తుంది, వీబీ అన్న అక్షరాలతో మొదలవుతుంది. డిస్కు కొత్తగా తయారైతే సీరియలూ కొత్తదే. రూల్‌లో పాత సీరియల్ ఉండటంతో ఏ డిస్కూ దొరకలేదు. అందుకని ఇప్పుడు డిస్కు తయారైన వెంటనే సీరియల్ చదివి, జాబితా ఫైల్‌లో రాసి, దాన్నుంచే రూల్ పుట్టేలా మార్చాను. ప్రొడక్షన్‌లో ఆ జాబితా స్టోరేజ్ టీమ్ నుంచి వస్తుంది. మిగతా స్క్రిప్ట్ రెండు చోట్లా ఒకటే.

ఒక్క ప్రశ్న మిగిలింది. టెస్ట్‌లో మళ్ళీ మళ్ళీ కట్టేటప్పుడు పాత డిస్కుల హెడర్ మెంబర్ (ఇప్పటికే ఒక డిస్క్‌గ్రూప్‌లోది) అని చూపిస్తే, డిస్క్‌గ్రూప్ తయారుచేసే కమాండ్‌కి ఫోర్స్ (అయినా సరే తీసుకో అనే ఆప్షన్) పెట్టక తప్పడం లేదు. టెస్ట్ వరకు అది ఉంచుకోవచ్చా?

నిల్వగది

వద్దు బాబూ. టెస్ట్‌లో డిస్కు ఫైళ్ళు తీసేసి కొత్తవి తయారుచేయించు, రెండు నిమిషాల పని. ఫోర్స్ అన్న మాట ఆ ఫైల్‌లో ఉండనే కూడదు. మెంబర్ అని హెడర్ చెబుతోందంటే అది ఎవరిదో ఒకరిది. ఎవరిదో ఫోన్ చేసి కనుక్కోవాలి.

గోదావరి_నోడ్

ఫోర్స్ విషయంలో నేనూ నిల్వగదిగారితోనే. ప్రొడక్షన్‌లో నిజంగా పాత డిస్కు తిరిగి వాడాల్సి వస్తే, మేం దానికి వేరే టికెట్, ఇద్దరి అప్రూవల్ పెట్టుకున్నాం, ఆ డిస్కుని తుడిచే పని స్టోరేజ్ టీమే చేస్తుంది. మా స్క్రిప్ట్ చేతికి వచ్చేసరికి డిస్కు ఖాళీగా ఉండాలి.

నిల్వగది

ఆ తుడిచే పని చేత్తోనే చేస్తారా, దానికీ స్క్రిప్ట్ ఉందా?

గోదావరి_నోడ్

చేత్తోనే సార్. ఒక్కో డిస్కూ విడిగా, సీరియల్ పైకి చదువుతూ.