'హెవీ' పాటకు తెలుగులో ఏ బరువు?
(మారుపేర్లతో సాగిన సంభాషణ)

అచ్చుతప్పు:
మిత్రులం కొందరం కలిసి రాక్, మెటల్ పాటల జాబితా ఒకటి తెలుగులో తయారు చేస్తున్నాం. ఒక్కో పాట ఎంత 'హెవీ'గా వినిపిస్తుందో పక్క గడిలో రాయాలి. ఆ గడికి పేరు పెట్టడం దగ్గరే బండి ఆగింది. 'హెవీ' అనే ఉంచేస్తే గొడవ లేదు, కానీ మిగతా గడులన్నీ తెలుగులోనే కుదిరాయి కాబట్టి ఇదీ కుదిరితే బాగుండునని ఆశ. 'భారీ' అందామంటే వందమంది నృత్యకారులతో తీసిన సినిమా పాట గుర్తుకొస్తోంది. 'బరువైన పాట' అంటే కథానాయకుడి తల్లి చనిపోయినప్పుడు వచ్చేది. ఏమంటారు?

మధ్యమకాలం:
'ఘన' ఉండగా వెతకడం ఎందుకండీ? నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలను ఘనరాగాలనే అంటాం. త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలు ఈ అయిదింటిలోనే ఉన్నాయి. పైగా వాద్యాలను తత, సుషిర, అవనద్ధ, ఘన అని నాలుగు తెగలు చేసినప్పుడు ఘనవాద్యాలంటే కంచు తాళాలు, గంటల వంటివి. బరువూ లోహమూ రెండూ కలిసివచ్చాయి. మెటల్ వాళ్లకు అచ్చంగా సరిపోయే మాట.

అచ్చుతప్పు:
చాలా బాగుంది గానీ 'ఘనమైన పాట' అని అచ్చువేస్తే చదివేవారు దాన్ని మెచ్చుకోలు అనుకుంటారు. ఘనస్వాగతం, ఘనవిజయం, ఘననివాళి అని పత్రికలు ఆ మాటను ఎప్పుడో పూలదండల్లో ముంచేశాయి. నాకు కావలసింది కొలత. హెవీగా ఉండి కూడా పరమ నాసిరకం పాటలు బోలెడున్నాయి కదా.

తీగలవాడు:
అయితే 'మోత' ఎందుకు కాకూడదు? మోయు నుంచి వచ్చిన మోత ఒకటి, మ్రోగు వైపు నుంచి వచ్చిన మ్రోత ఇంకొకటి. క్రావడి (ర వత్తు) జారిపోయాక రెండూ ఒకే రూపంలో మిగిలాయి. పన్నుల మోతలో వినిపించేది మొదటిది, హారన్ల మోతలో రెండోది. భారమూ శబ్దమూ ఒకే మూటలో దొరుకుతుంటే వదులుకుంటామా?

గణవిభజన:
శ్లేష పసందుగా ఉంది, మాట మాత్రం పని చేయదు. మోత అనగానే ఎవరికైనా తోచేది శబ్దం ఎక్కువ కావడమే. గిటారు పట్టుకునేవారు మీరు, మీరే చెప్పండి తీగలవాడు గారూ. ధ్వని పెంచితే పాట హెవీ అవుతుందా?

తీగలవాడు:
కాదు. ఇక్కడ మీతో ఏకీభవించక తప్పదు. అమెరికా మెటల్ బృందం మెటాలికా 1988లో తెచ్చిన 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బమ్ తీసుకోండి. గిటార్లు రంపాల్లా కోస్తాయి, డ్రమ్ములు ఖణేల్‌మంటాయి, కానీ అడుగు స్వరాలు పలికే బేస్ గిటారు దాదాపు వినిపించదు. ఆ కూర్పులో కోపం నిండా ఉంది, ఒళ్లు లేదు. అదే బృందం 1991లో చేసిన 'సాడ్ బట్ ట్రూ' అంతకన్నా నెమ్మది, అంతకన్నా సాదా. గిటార్లను ఒక స్వరం కిందికి దించి వాయించారు. రెండూ ఒకే స్థాయి ధ్వనిలో పెట్టి వినండి, ఏది ఛాతీ మీద కూర్చుంటుందో తెలుస్తుంది.

శ్రుతి దించడానికి మొదటి పెద్ద ఉదాహరణ బ్లాక్ సబ్బత్. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వాళ్లు. గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల కర్మాగారంలో పనిచేస్తుండగా యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కేది ఆ కుడిచేయే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు కట్టుకున్నాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' వచ్చేసరికి గిటారును మూడు అర్ధస్వరాలు దించి తీగలను మరింత వదులు చేసుకున్నాడు. మామూలు గిటారు అడుగు తీగ కంపనం సుమారు 82 హెర్ట్జ్. ఆయనది సుమారు 69కి దిగింది. వేళ్ల నొప్పి తగ్గించుకోవడానికీ పనికివచ్చిన ఆ ఏర్పాటు ఒక సంగీతానికే రంగు అయి కూర్చుంది. 'ఇన్‌టు ది వాయిడ్' వినండి.

మధ్యమకాలం:
దించితే బరువు అన్నది మాకు కొత్త కాదు. మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద మెత్తేది అందుకే. నిజంగానే చర్మం మీద బరువు పెడతాం, నాదం మంద్రానికి దిగుతుంది. కచేరీ కాగానే గీకేస్తాం. అలా చూస్తే మీ గడికి 'మంద్రం' అని పెట్టినా తప్పులేదు.

తీగలవాడు:
మంద్రం స్థాయికి పేరు, ఒప్పుకుంటాను. కానీ అంతటితో తేలిపోతే కొలమానం అక్కర్లేదు, శ్రుతి చూసుకుని అంకె వేసేయవచ్చు. స్వీడన్ బృందం మెషుగ్గా ఎనిమిది తీగల గిటార్లతో బేస్ గిటారు దాపుల్లోకి దిగి వాయిస్తుంది. అంతమాత్రాన ప్రతి పాటలోనూ సబ్బత్‌ను మించిపోయిందని అనలేం. పైగా ఫోను స్పీకరు 70 హెర్ట్జ్‌ను సరిగ్గా పలకనే పలకదు. అయినా 'ఇన్‌టు ది వాయిడ్' ఫోనులోనూ కొంత బరువుగానే తోస్తుంది, ఎందుకంటే అసలు స్వరంతోపాటు సన్నగా మోగే పై అనుస్వరాలను (ఓవర్‌టోన్లను) బట్టి లేని అడుగు స్వరాన్ని మన చెవే ఊహించుకుంటుంది. గిటారు ధ్వనిని కావాలని వక్రీకరించే డిస్టార్షన్ చేసే మేలు ఇందులో ఉంది, ఆ అనుస్వరాలను అది దండిగా పుట్టిస్తుంది. మెటల్ వాళ్లు షడ్జ పంచమాలు మాత్రమే కలిపి కొట్టి గాంధారాన్ని వదిలేసేదీ అందుకే. అంత వక్రీకరణలో గాంధారం కూడా చేరితే బురద అవుతుంది.

ఇక వేగం సంగతి. స్లేయర్ బృందం 1986లో తెచ్చిన 'రెయిన్ ఇన్ బ్లడ్' ఆల్బమ్ మొత్తం పది పాటలూ కలిపి సుమారు 29 నిమిషాలు. స్లీప్ బృందం 'డోప్‌స్మోకర్' ఒక్క పాటే గంటకు పైగా. ఒకటి పరుగు, ఇంకొకటి పాకుడు. ఏది హెవీ అని అడిగితే నలుగురు వింటే నాలుగు జవాబులు.

గణవిభజన:
ఇప్పుడు నా వంతు. మీరు వెతికే మాట ఛందస్సులో వేల సార్లు వాడి పడేసి ఉంది: గురువు. మాట అర్థమే బరువైనది అని. రెండు మాత్రల కాలం నిలిచేది గురువు, ఒక మాత్రలో ముగిసేది లఘువు. తాళాంగాల్లోనూ లఘువు, గురువు, ప్లుతం ఉన్నాయి, మధ్యమకాలం గారు ధ్రువీకరించగలరు. మీ గడికి 'గురుత్వం' అని పెట్టండి. ఆకర్షణ తగిలించకపోతే భౌతికశాస్త్రం అడ్డురాదు.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, మీరు పైన చర్చించినవన్నీ పాట 'లోపల ఉన్న' బరువులు. గురువు సంగతి వేరు. 'భక్త' అన్నప్పుడు 'భ' హ్రస్వమే, స్వతహాగా లఘువు. పక్కన 'క్త' వచ్చి దాన్ని గురువు చేస్తుంది. బరువు ఆ అక్షరంలో లేదు, తర్వాత రాబోయేదానిలో ఉంది. హెవీ పాటలో నాకు వినిపించేది ఇదే. మెటాలికా 'వన్' తొలి నిమిషాలు తీగలు మీటిన సవ్వడితో మెత్తగా సాగకపోతే, చివర్లో వచ్చే యంత్రపు దాడికి ఆ దెబ్బ ఉండేదా?

ఇంకొకటి. ఉత్పలమాలకూ చంపకమాలకూ తేడా మొదటి అక్షరం ఒక్కటే. ఉత్పలమాల ఒక గురువుతో మొదలవుతుంది, చంపకమాలలో అదే కాలాన్ని రెండు లఘువులు పంచుకుంటాయి. తర్వాతంతా ఒకటే. మాత్రల లెక్క మారలేదు, నడక మారిపోయింది. డ్రమ్మరు అదే వేగం ఉంచి, స్నేర్ (తాళాన్ని నొక్కి చెప్పే డ్రమ్ము) దెబ్బను సగం సార్లే వేస్తే పాట ఒక్కసారిగా కుంగిపోయినట్టు తోస్తుందని మీరే ఒకసారి రాశారు తీగలవాడు గారూ. అది రెండు లఘువులను తీసి ఒక గురువును పెట్టడం కాదూ?

తీగలవాడు:
అదే. బ్రేక్‌డౌన్ అంటారు దాన్ని, గుంపంతా ఆ ఘడియ కోసమే కాచుకుని ఉంటుంది. లెడ్ జెప్పెలిన్ 'వెన్ ది లెవీ బ్రేక్స్' 1971లోనే దీన్ని గిటారుతో పని లేకుండా చూపించింది. పాత భవనంలో మెట్ల గది అడుగున డ్రమ్ములు పెట్టి, పైనుంచి మైకులు వేలాడదీసి రికార్డు చేశారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆ గది ప్రతిధ్వని నిండుతుంది. డిస్టార్షన్ గోడలేవీ లేవు. అయినా నా జాబితాలో చాలా మెటల్ పాటలకన్నా అది పైన.

మధ్యమకాలం:
గణవిభజన గారి మాటకు నా వైపునుంచి ఒక సాక్ష్యం. బ్లాక్ సబ్బత్ 1970 నాటి మొదటి రికార్డులో మొదటి పాట, బృందం పేరే దానికీ పేరు. వాన, గంట, ఆ తర్వాత మూడే స్వరాలు: షడ్జం, తారషడ్జం (పై స), అక్కడినుంచి దిగి ప్రతిమధ్యమం (రెండు మధ్యమాల్లో పైది). ఆ మూడోదాన్ని వణికిస్తూ నిలబెడతారు. పాశ్చాత్యులు ఆ అంతరాన్ని దెయ్యానికి అంటగట్టారని చాలామంది చెబుతుంటారు. మాకు మాత్రం 72 మేళకర్త (మూల) రాగాల్లో 36 ప్రతిమధ్యమానివే. కల్యాణిలో ఆ స్వరాన్ని విని ఎవరూ భయపడరు, పెళ్లిళ్లలో సన్నాయి మీద వాయిస్తారు. అక్కడ గాంధారం, పంచమం చెరోవైపు నిలబడి దాన్ని పట్టుకుంటాయి. సబ్బత్ పాటలో దానికి పక్కన తోడు ఎవరూ లేరు. స్వరం అదే, చుట్టం పక్కాలు లేకపోవడమే దాని బరువు.

అచ్చుతప్పు:
'గురుత్వం' ఖరారు. ఇంకో లాభం కూడా కనబడింది. 'గురుతరమైన బాధ్యత' అని పత్రికలు రాస్తూనే ఉంటాయి కాబట్టి కొలత మెట్లు తయారుగా దొరికాయి: లఘువు, గురువు, గురుతరం, గురుతమం. అంకెలు తీసేస్తున్నాను. పదికి ఏడున్నర అని రాసినప్పుడు ఆ అర ఎక్కడినుంచి వచ్చిందో మాలో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లం.

తొలి విడత ఇదిగో. 'సాడ్ బట్ ట్రూ' గురుతరం. 'ఇన్‌టు ది వాయిడ్' గురుతమం. 'వెన్ ది లెవీ బ్రేక్స్' గురుతరం. బీటిల్స్ 1969 నాటి 'ఐ వాంట్ యు', పేరులోనే 'షీ ఈజ్ సో హెవీ' అని చెప్పుకుంది కాబట్టి గురువు. స్లేయర్ 'రెయినింగ్ బ్లడ్' లఘువు. జానీ క్యాష్ 2002లో పాడిన 'హర్ట్'కు గడి ఖాళీగా ఉంచాను, గుండె బరువెక్కడం ఈ జాబితా లెక్కలోకి వస్తుందో రాదో తేలలేదు.

గణవిభజన:
'హర్ట్'కు గడి ఖాళీ వద్దు, గురువు ఇవ్వండి. చివర్లో పియానో ఒకే స్వరాన్ని బాదుతూ పెరిగే తీరు వింటే చాలు, పదాల దాకా వెళ్లక్కర్లేదు.

తీగలవాడు:
'రెయినింగ్ బ్లడ్' లఘువా? వేగం చూసి మూడు లఘువుల నగణం అనుకున్నట్టున్నారు. మొదట్లో ఉరుముల మధ్య డ్రమ్ము మూడేసి దెబ్బలు వేస్తుంది, దాన్నేమంటారు? మూడూ గురువులే, సాక్షాత్తూ మగణం. ఆ ఒక్క గడి దిద్దేదాకా ఈ జాబితాకు నా పేరు తగిలించకండి.